కాలు అందని బండి

"హెల్మెట్ పెట్టుకున్న మనిషిని నువ్వెలా గుర్తుపడతావ్?"

పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న అదే. కూర్చోమని కూడా అనలేదు. ఆయన గదిలో కిటికీ తెరలు ఎప్పుడూ మూసే ఉంటాయి. బల్ల మీద ఫైలు ఉండాల్సిన చోట ఇవాళ మొహమంతా కప్పేసే హెల్మెట్ ఒకటి ఉంది.

పిట్ట వంగి ఆ హెల్మెట్‌ని చూశాడు. పిట్ట అన్నది గూఢచారి డిపార్ట్‌మెంట్ అతనికిచ్చిన కోడ్ నేమ్. మనిషి పొట్టి, తేలిక. ఏ సందులోనైనా దూరి, ఎవరి కంటా పడకుండా పని ముగించుకొస్తాడు. ఎదురు ప్రశ్నలు వేసే అలవాటు లేదు.

"కోడ్ రూమ్‌లో పనిచేసే ఆఫీసర్ ఒకావిడ నిన్నటి నుంచి కనిపించడం లేదు," అన్నాడు పెద్దాయన. "విదేశాల్లో ఉన్న మన ఏజెంట్ల పేర్లు, సంకేతాలు అన్నీ ఆవిడ తలలో ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. అవతలి ముఠా ఎత్తుకుపోయింది."

"ఎవరు సార్ ఆవిడ?"

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అంత సేపు తుడవాల్సినంత మరక దాని మీద లేదు.

"మీ అక్క."

పొద్దున అమ్మ ఫోన్ చేసి అక్క ఫోన్ ఎత్తడం లేదేమిరా అని అడిగితే, ఆఫీసు పనిలో ఉండుంటుందిలే అని పిట్టే సర్దిచెప్పాడు.

పెద్దాయన ఆగకుండా చెప్పుకుపోయాడు. ముఠా అక్కని సరిహద్దు దాటించబోయేది బైకుల టూర్ ముసుగులో. అద్దె బైకుల మీద హాలిడే. సెల్ఫ్ గైడెడ్ టూర్. ముందు నడిపించేవాడంటూ ఎవడూ ఉండడు. దారంతా జీపీఎస్‌లో ఎక్కించి ఇస్తారు, హోటల్ గది సిద్ధంగా ఉంటుంది, సామాను వ్యాన్‌లో ముందే వెళ్ళిపోతుంది. వచ్చేవాళ్ళు ఎక్కువగా జంటలు. అందరికీ దుకాణంవాళ్ళ ఒకే రకం సూట్లు, ఒకే రకం హెల్మెట్లు. ఆ జంటల్లో ఒక బండి వెనక సీటు మీద అక్క ఉంటుంది. కనుమ మీద సరిహద్దు గేటు దగ్గర టూరిస్టుల్ని హెల్మెట్ తియ్యమని కూడా అడగరు.

"సొంతవాళ్ళ కేసుకి పంపకూడదని రూల్ ఉంది కదా సార్."

"రూల్ పెట్టింది నేనే. కానీ వీపు చూసి ఆవిడని పోల్చుకోగలిగేది నువ్వొక్కడివే."

అది నిజం. చిన్నప్పుడు అక్క సైకిల్ వెనక క్యారేజీ మీద కూర్చుని బడికి వెళ్ళినన్నాళ్ళూ అతను చూసింది ఆ వీపునే.

పెద్దాయన సొరుగు లాగి చిన్న పిస్టల్ తీసి హెల్మెట్ పక్కన పెట్టాడు. "తీసుకురాగలిగితే తీసుకురా. లేకపోతే..." ఆయన పిస్టల్‌ని పిట్ట వైపు జరిపాడు. "గేటు మాత్రం దాటనివ్వద్దు. చాలామంది ప్రాణాలు ఆవిడ తలలో ఉన్నాయి."

పిట్ట పిస్టల్ జేబులో పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడో అతనికే తెలియదు.

పక్క గదిలో డబ్బా డాక్టర్ కాచుకుని ఉన్నాడు. డిపార్ట్‌మెంట్‌కి గ్యాడ్జెట్లు తయారుచేసే పెద్దమనిషి. రెండు వస్తువులిచ్చాడు. కుడిచేతి గ్లవ్, దాని చూపుడు వేలి చివర మత్తుసూది. ఇంకోటి హెల్మెట్‌లో పెట్టుకునే ఇంటర్‌కమ్. చుట్టుపక్కల బైకర్లు తమలో తాము ఏం మాట్లాడుకున్నా వినిపిస్తుంది.

"నువ్వు మాత్రం నోరు విప్పకు," అన్నాడు డాక్టర్. "మాట్లాడావంటే అందరికీ వినబడుతుంది."

బైకుల దుకాణంలో నూనె వాసన, కొత్త రబ్బరు వాసన కలిసి గుప్పుమంటోంది. యజమాని నవ్వుమొహం మనిషి. "మా టూర్ అందమే వేరు సార్. వెంట ఎవరూ ఉండరు, తొందరపెట్టేవాళ్ళు లేరు. ఎక్కడ కావాలంటే అక్కడ ఆగచ్చు."

పిట్ట బండి వైపు చూశాడు. అడ్వెంచర్ బైక్, కొండదారులకి చేసిన ఎత్తైన బండి. పక్కల అల్యూమినియం పెట్టెలు, ముందు గాలి ఆపే పెద్ద అద్దం, సీటు అతని ఛాతీ దాకా ఉంది. ఎక్కి కూర్చుంటే రెండు కాళ్ళూ గాలిలో ఉన్నాయి. ఒక పక్కకి జారి కూర్చుంటే బొటనవేలి కొస మాత్రం నేలని ముట్టుకుంది.

"సీటు ఎత్తు తక్కువున్నవన్నీ బుక్కయిపోయాయి సార్. కదిలాక ఏం తెలీదు. ఆగేటప్పుడే కాస్త చూసుకోవాలి."

చిన్నప్పుడు పిట్టకి సైకిల్ నేర్పింది అక్కే. సీటు వెనక పట్టుకుని పరిగెత్తేది. వెళ్ళడం నేర్పింది. ఆగడం నేర్పేలోపు సైకిల్‌ని ఎవరో ఎత్తుకుపోయారు.

సామాను వ్యాన్ దగ్గర ఎర్ర లెదర్ జాకెట్‌లో ఒకావిడ నిలబడి ఉంది. వ్యాన్ నడిపేది ఆవిడే. చూసినవాళ్ళు ఇంకోసారి తిరిగి చూసే మనిషి. పిట్ట బ్యాగ్ అందుకుంటూ, "వెనక టైర్లో గాలి చూసుకున్నారా?" అంది మెల్లిగా. అది కోడ్.

"ముందుదే మెత్తగా ఉంది," అన్నాడు పిట్ట. అది జవాబు.

ముఠాలో మన మనిషి ఈవిడే. కానీ పెద్దాయన ముందే హెచ్చరించాడు. ఈవిడ రెండు వైపులా జీతం తీసుకుంటుంది. ఏ పూట ఎవరి మనిషో ఆవిడకే తెలియాలి.

బయలుదేరబోతూ దుకాణం ముందే పిట్ట బండి కింద పడేశాడు. బొటనవేలు పట్టు తప్పింది, అంతే. అడ్వెంచర్ బైక్ ఒకసారి ఒరిగిందంటే ఒక్కడి వల్ల లేచేది కాదు. బైకర్లలో ఒక మర్యాద ఉంది. ఎవరి బండి పడినా చూసినవాడు దిగొచ్చి లేపాలి. దిగకుండా పోయేవాణ్ణి మిగతావాళ్ళు మనిషిలా చూడరు. ఒక పొడుగాటి మనిషి నవ్వుకుంటూ వచ్చి, బండికి వీపు ఆనించి, గొంతుక్కూర్చుని, రెండు చేతులతో హ్యాండిలూ సీటూ పట్టుకుని, కాళ్ళ బలంతో లేపేశాడు. పిట్ట మనసులో అతనికి నిచ్చెన అని పేరు పెట్టుకున్నాడు.

నిచ్చెన తిరిగి వెళ్ళి తన బండి ఎక్కాడు. వెనక సీటు మీద ఒక మనిషి కూర్చుని ఉంది. కుడి భుజం కొంచెం పైకి, ఎడమ భుజం కొంచెం కిందకి. పుస్తకాల సంచీ ఎప్పుడూ ఒకే వైపు మోసిన భుజాలు.

అక్క.

బళ్ళు కదిలాక పిట్ట ఇంటర్‌కమ్ తిప్పాడు. గరగర తర్వాత, పక్కనే కూర్చుని మాట్లాడినట్టు అక్క గొంతు వినిపించింది.

"బ్రేకు మెల్లిగా వెయ్యి నాయనా. నడుం విరిగిపోతోంది."

"సాయంత్రానికి దాటేస్తాం మేడమ్. ఓపిక పట్టండి."

"నేను దూకేస్తే ఏం చేస్తావ్?"

"చెప్పాను కదా. మీ జాకెట్‌కి ఉన్న తాడు బండికి కట్టి ఉంది. అది లాగితే, పడ్డా దెబ్బ తగలకుండా మామూలు జాకెట్‌లో గాలి నిండుతుంది. మీ జాకెట్‌లో విషం సూది దిగుతుంది. ఇంజను ఆగినా అంతే. సీటు కింద డబ్బా మీద నేను ముందు నంబర్ నొక్కితే తప్ప."

పిట్ట పొద్దుటి నుంచి వేసుకున్న ప్లాన్లన్నీ గంగలో కలిశాయి. నిచ్చెనకి మత్తు ఇస్తే బండి పడుతుంది, అక్క పోతుంది. టైరు కాలిస్తే బండి పడుతుంది, అక్క పోతుంది. ఏమీ చెయ్యకపోతే అక్క గేటు దాటుతుంది.

అలాగే దారంతా నడిచింది. మలుపు మీద మలుపు. ముందు ఆ వీపు, చెవిలో ఆ గొంతు. అక్క ఊరికే ఉండే రకం కాదు. నిచ్చెనని పెళ్ళయిందా అని అడిగింది, కాలేదంటే నీకింక అవదులే అంది. కాసేపాగి, "ఇంట్లో మా తమ్ముడొకడున్నాడు. వాడికి కబురు తెలిస్తే అన్నం మానేస్తాడు. మొద్దు వెధవ," అంది. పిట్ట పెదవులు బిగబట్టుకున్నాడు. అక్కా, నీ వెనకే ఉన్నాను అని ఒక్క మాట అనేందుకు లేదు. ఏడుపొచ్చింది. హెల్మెట్‌లో ముక్కు తుడుచుకునే దారి కూడా లేదు.

పెట్రోల్ బంకులో అందరూ ఆగారు. పిట్ట గోడ పక్కగా తీసుకెళ్ళి, గోడకి చెయ్యి ఆనించి బతికిపోయాడు. నిచ్చెన డబ్బా మీద నంబర్ నొక్కి, ఇంజను ఆపి, అక్క చెయ్యి పట్టుకునే నిలబడ్డాడు. వదిలితేగా. ఎర్ర జాకెట్ ఆవిడ వాళ్ళ దగ్గరికి కాఫీ తీసుకెళ్ళింది. నిచ్చెనతో ఏదో చెప్పింది. ఇద్దరూ పిట్ట వైపు చూసి పగలబడి నవ్వారు.

అయిపోయింది, ఈ పూట ఆవిడ వాళ్ళ మనిషి, అనుకున్నాడు పిట్ట. ఇక అతనికి ఎవరూ లేరు.

సరిహద్దు గేటు కనుమ కొసన ఉంది. చారల కర్ర, పక్కన కాపలా గది, అవతల ముఠావాళ్ళ నల్లకారు ఇంజను తిప్పుతూ కాచుకుని ఉంది. ఇవతల బైకులు రెండు వరసల్లో నిలబడ్డాయి. నిచ్చెన ముందు ఒక్క బండే ఉంది. పక్క వరసలో పిట్ట, గేటుకి ఆనుకునే. బొటనవేలి కొస మీద బండిని నిలబెట్టి ఆపసోపాలు పడుతున్నాడు.

ముందు బండి దాటిపోయింది. నిచ్చెన కాగితం తీశాడు.

పెద్దాయన మాట గుర్తొచ్చింది. పిట్ట కుడిచెయ్యి హ్యాండిల్ వదిలి జేబులోకి వెళ్ళింది. గ్లవ్ వేళ్ళకి పిస్టల్ గట్టిగా తగిలింది. పక్కనే అవే భుజాలు. కాల్చలేనని అతనికి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. అయినా చెయ్యి పిస్టల్‌ని బయటికి లాగింది. ఒంటిచేత్తో బండి నిలబడుతుందా? బొటనవేలు జారింది. బండి నిచ్చెన ముందుకి, సరిగ్గా గేటుకి అడ్డంగా, దభీమని పడింది. పిస్టల్ దాని కింద ఎక్కడో నలిగిపోయింది.

కాపలావాళ్ళు చూస్తున్నారు. వరసలో ఉన్న బైకర్లందరూ చూస్తున్నారు. దారి మూసుకుపోయింది. అందరికంటే దగ్గరున్నది నిచ్చెన. మంచి టూరిస్టు అయినవాడు దిగాలి. నిచ్చెన పళ్ళు కొరుక్కుంటూ న్యూట్రల్ చేసి, స్టాండ్ వేసి, ఇంజను నడుస్తుండగానే దిగాడు.

"నీ మొహానికి బైకు కూడానా," అంటూ పడ్డ బండికి వీపు ఆనించి గొంతుక్కూర్చున్నాడు. రెండు చేతులూ బండి మీదే ఉన్నాయి. మెడ పిట్ట మొహం ముందుంది.

పిట్ట చూపుడు వేలు చాపాడు.

నిచ్చెన లేపుతున్న బండితో సహా మెల్లిగా ఒరిగిపోయాడు. వెనక నుంచి ఇద్దరు బైకర్లు కేకలేశారు. ముఠా మనుషులే. పిట్ట ఒక్క గంతులో నిచ్చెన బండి ఫుట్‌రెస్ట్ మీదికి ఎక్కి, సీటు మీద పడి, బొటనవేలితో నేలని తన్ని, మడమతో స్టాండ్ ఎగదన్ని, గేరు వేసి క్లచ్ వదిలాడు. దేవుడి దయ, ఇంజను ఆగలేదు. బండి గిర్రున వెనక్కి తిరిగి దిగుడు దారి పట్టింది.

ఇంటర్‌కమ్‌లో ఇప్పుడు నోరు విప్పొచ్చు.

"అక్కా, నేనే. కదలకు."

"ఒరేయ్," అంది అక్క నీరసంగా, "నువ్వా నడుపుతున్నది? ఇందాకటివాడే నయం కదరా."

"గట్టిగా పట్టుకో."

"పట్టుకున్నాలే. ఎక్కడ ఆపుతావ్?"

"అదే తెలీడం లేదక్కా. కాలు అందదు."

వెనక ఇద్దరూ తరుముకొస్తున్నారు. మలుపు తిరగ్గానే ఎదురుగా సామాను వ్యాన్. రోడ్డుకి అడ్డంగా, ఒక పక్క కొండకీ ఇంకో పక్క లోయకీ సందు లేకుండా నిలబడి ఉంది. దాని ముందు ఎర్ర జాకెట్ ఆవిడ.

"అమ్ముడుపోయింది," అన్నాడు పిట్ట. ఏడ్చేశాడు. "అక్కా, నా వల్ల కాలేదు. ఆపితే పడిపోతాం. ఆపకపోతే గుద్దుకుంటాం. నాకు చేతకాలేదక్కా."

"ముందు ఏడుపు ఆపు. బ్రేకు మెల్లిగా నొక్కు. రెండు వేళ్ళతో. ఊఁ, అలాగే. ఇప్పుడు క్లచ్ పట్టుకో. ఏం జరిగినా క్లచ్ వదలకు."

"పడిపోతాం."

"నేనెప్పుడైనా వదిలేశానా నిన్ను?"

వెనక నుంచి అక్క ముందుకి జరిగి అతన్ని ట్యాంకు మీదికి నెట్టేసింది. బండి ఆగుతోంది, ఒరుగుతోంది, ఇక అయిపోయింది అనుకునేలోపు ఇటొక బూటు, అటొక బూటు రోడ్డు మీద గట్టిగా దిగాయి. ఇంట్లో అందరికంటే పొడుగు అక్కే. బండి ఊగి, నిలబడింది. ఇంజను గుర్రుగుర్రుమంటూనే ఉంది. వ్యాన్ తలుపు ముందు చక్రానికి తగులుతోంది.

ఎర్ర జాకెట్ ఆవిడ పరుగెత్తుకొచ్చి జాకెట్‌లో చెయ్యి పెట్టింది. పిట్ట కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ తీసింది చిన్న టార్చి. దాని వెలుగులో సీటు కింద డబ్బా వెతికి, టకటకా నంబర్ నొక్కింది. క్లిక్‌మంది. తాడు ఊడి కింద పడింది.

"పెట్రోల్ బంకులో కాఫీ ఇస్తూ చూశాను, వాడేం నొక్కాడో," అంది ఆవిడ.

"మరి నన్ను చూసి నవ్వారేం?"

"బండి నిలబెట్టడం కూడా రాని పిచ్చివాడు, వాడితో నీకేం భయం అని చెప్పాను. అబద్ధమా?"

వ్యాన్ వెనక తలుపు తెరుచుకుంది. టూరిస్టుల పెట్టెల మధ్య నుంచి పెద్దాయన మనుషులు ఒక్కొక్కరే దిగారు. మలుపు తిరిగి వచ్చిన ఇద్దరు బైకర్లూ వాళ్ళని చూసి, ఎంతో మర్యాదగా స్టాండ్లు వేసి చేతులెత్తారు.

పిట్ట అక్క భుజం మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. పిస్టల్ సంగతి చెప్పాడు. జేబులోంచి బయటికి తీశానని కూడా చెప్పాడు. అక్క అతని నెత్తి మీద ఒక్కటి మొట్టి, "అమ్మకి ఫోన్ చెయ్యి ముందు," అంది.

మర్నాడు బళ్ళు తిరిగి అప్పగించడానికి ఇద్దరూ దుకాణానికి వెళ్ళారు. యజమాని నవ్వుమొహంతో ఎదురొచ్చాడు.

"ఎలా ఉంది సార్ టూర్? ఎక్కడెక్కడ ఆగారు?"

పిట్ట నేల చూపులు చూశాడు.

"ఒక్క చోటేనండీ," అంది అక్క, హెల్మెట్ బల్ల మీద పెడుతూ. "అదీ వీడు ఆగలేదు, నేను కాలు పెట్టాను."