ఉప్పు లేని మట్టి

బ్యాగులో నాలుగు చొక్కాలు, రెండు ప్యాంట్లు, షేవింగ్ సెట్టు సర్దింది హేమ. రబ్బరు బూట్లు పాత పేపరులో చుట్టి అడుగున పెట్టబోయింది.

"బూట్లు వద్దు" అన్నాడు ఆరోన్ అద్దం ముందు నుంచి.

"సముద్రపు కాలవ పక్కన మట్టి తియ్యాలి కదండీ. మోకాలి లోతు దిగిపోతుంది అక్కడ. మా ఊరు, నాకు తెలీదా?"

"కూలీలు తీస్తారు. నేను గట్టు మీద నిలబడతాను."

బురద బూట్లతో వినీల ఎదుట నిలబడటం నామోషీ కాబోలు అనుకుని హేమ వాటిని పక్కన పెట్టింది.

అతను బీరువా పై అరలోంచి ఊలు స్వెట్టరు తీసి తనే బ్యాగులో కుక్కాడు. విజయవాడలో, ఫిబ్రవరిలో.

"అదెందుకు?"

"హోటల్లో ఏసీ ఎక్కువ."

"రూము ఒకటేనా, రెండా?"

"వినీల మొగుడిగా వెళ్తున్నాను హేమా. మొగుడికి వేరే రూమిస్తే వాళ్ళకి అనుమానం రాదూ?"

"రాకూడదు. అనుమానాలన్నీ నాకే రావాలి."

ఇద్దరూ ఒకే డిపార్ట్‌మెంటు. కలిసి చేసిన మిషన్లు పదకొండు, పన్నెండోది పెళ్ళి. భార్యాభర్తలు ఒకే ఆపరేషన్లో ఉండకూడదన్నది రూలు. పన్నెండేళ్ళుగా హేమ ఆఫీసులో కూర్చుని మైకులూ కెమెరాలూ లెక్క చూసి ఇస్తోంది, ఇంట్లో బ్యాగులు సర్దుతోంది. జిప్పు లాగేటప్పుడు ఎప్పుడొస్తారని అడగడం ఆమెకు అలవాటు, తేదీ చెప్పడం అతనికి అలవాటు.

"ఎప్పుడొస్తారు?"

"చూద్దాం" అన్నాడు.

కింద హారన్ మోగింది. వినీల ఎర్ర కారు. హేమ బాల్కనీలోంచి వంగి చూసింది. నల్ల కళ్ళద్దాలు, నీలం చీర, చెవులకి పొడుగాటి లోలాకులు. కుడి లోలాకులో కెమెరా ఉంది, లిప్‌స్టిక్ గొట్టంలో మైకు ఉంది. స్వయంగా హేమే సంతకం పెట్టించుకుని ఇచ్చిన సామాను. అయినా ఆమె చూసింది లిప్‌స్టిక్ రంగే.

*

బెంజ్ సర్కిల్‌లో ఒక పరుపుల షాపు మీద వాళ్ళ ఆఫీసు. ముందురోజే చీఫ్ శౌరయ్య గారు అక్కడ కిటికీ మూసి హేమతో మాట్లాడారు.

"టార్గెట్ గ్రే హెరాన్ అనే విదేశీ ఫండు. మన ఫైల్లో పేరు కొంగ. ఇక్కడ వంటింటికి పైపు గ్యాసు ఇచ్చే కంపెనీని కొంటోంది. ఆ కంపెనీకి బందరు అవతల పాత యార్డు ఉంది. ముప్ఫై ఏళ్ళు అక్కడి గుంటల్లో పాడు నూనె పోశారు. శుభ్రం చెయ్యాల్సిన బాధ్యత కంపెనీది. ఆ పని కోసం రెండు వందల నలభై కోట్లు బ్యాంకులో తాళం వేసి ఉన్నాయి."

"తెలుసండీ. ఆ కాలవలోనే మా వాళ్ళు పీతలు పట్టేవాళ్ళు. ఇప్పుడు పీత వండితే కిరసనాయిలు వాసన. మా అన్నలు వల చుట్టి అటక మీద పెట్టేశారు."

"శుక్రవారం సాయంత్రం ఐదింటికి హోటల్లో మీటింగు. మట్టి శుభ్రంగా ఉందని కాలుష్య నియంత్రణ అధికారి సంతకం పెడితే తాళం తెరుచుకుంటుంది. సోమవారానికి డబ్బు దేశం దాటుతుంది. కంపెనీ ఖాళీ డబ్బా అవుతుంది. ఆ తరువాత కాలవ ఎవరూ బాగుచెయ్యరు."

"కంపెనీ రిపోర్టు శుభ్రమనే అంటుంది కదండీ?"

"అధికారి దాన్ని నమ్మడం లేదు. మనం రహస్యంగా తెచ్చిన మట్టి, మన ల్యాబు మాట, అదే ఫైనల్. వినీల కొంగ ఆఫీసులో ఉద్యోగి, పని మనకి చేస్తోంది. తన భర్త చేపల చెరువుల ఆసామి అని వాళ్ళకి చెప్పింది. యార్డు పక్క భూమి చూసే మిషతో ఆరోన్ మట్టి తెస్తాడు." ఆయన గొంతు తగ్గించారు. "ఇంకోటి. మన కబుర్లు కొంగకి చేరుతున్నాయి. ఎవరో ఉన్నారు."

"వినీల."

"ఆధారం?"

"కావాలా అండీ?"

"ఈర్ష్య కోర్టులో నిలవదమ్మా."

"ఇంట్లో నిలుస్తుంది."

శౌరయ్య గారు నవ్వలేదు. "సరే, నిఘా నువ్వే పెట్టు. ఇద్దర్నీ చూడు."

హేమ ఒకరినే చూసింది.

*

ఎర్ర కారు కింద హేమ అతికించిన ట్రాకరు లాప్‌టాప్‌లో పచ్చ చుక్కలా కదిలింది. పదకొండుంపావుకి ఉయ్యూరులో ఆగింది. అక్కడ ఆరోన్ జీపులోకి మారి యార్డుకి వెళ్ళాలని, వినీల కారు వెనక్కి తిప్పాలని ప్లాను. జీపు మారడానికి పది నిమిషాలు చాలు. చుక్క కదల్లేదు. అరగంట. గంట.

ఉయ్యూరు ఆరోన్ పుట్టిన ఊరు. రోడ్డుకి లోపల ఎకరన్నర చెరుకు తోట ఉంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో హేమని అక్కడికి ఒక్కసారే తీసుకెళ్ళాడు, మామగారి సమాధి కార్యక్రమానికి. ఈవిడని మొదటిరోజే తీసుకెళ్ళాడు. గెడల మధ్య గట్టు మీద నీలం చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నడుస్తూ ఉంటుంది. ఆయన చెరుకు ముక్క కోసి ఇస్తాడు, కణుపులు తీసి మరీ.

నూట ఇరవై ఐదు నిమిషాల తరువాత చుక్క విజయవాడ వైపు తిరిగింది. హేమ రిపోర్టులో టైపు చేసింది: 'ఉయ్యూరులో 125 నిమిషాలు. కారణం వినీల.' తిరిగి చదువుకుంది. సిగ్గేసింది. చెరిపేసింది.

మర్నాడు హోటలు వెనక గేటు దగ్గర చేపల బుట్టతో కూర్చుంది. ఆ వేషానికి ఆమెకు మేకప్ అక్కర్లేదు, వాళ్ళమ్మ చీర చాలు. పదింటికి వినీల వచ్చి బుట్ట ముందు వంగింది.

"కొర్రమీను ఎంతండీ?"

"మీకు చాలా ప్రియం."

"చూపుతోనే పొలుసు తీసేస్తున్నారు హేమ గారూ. నన్ను కాదు, కోసేది చేపని."

హేమ కత్తిపీట సర్దుకుంది. "నిన్న ఉయ్యూరులో చెరుకు తియ్యగా ఉందా?"

"నాకేం తెలుసండీ? బస్టాండు ఎదురుగా హోటల్లో కూర్చోబెట్టి ఆయన జీపెక్కి వెళ్ళిపోయారు. ఆయన తిరిగొచ్చేలోగా నాలుగు టీలు తాగాను, మూడు పేపర్లు చదివాను. మీ ఆయన మనిషితో మాట్లాడరాండీ? కారెక్కిన దగ్గర్నుంచీ ఫోనే."

"ఎవరితో?"

"మీతో అనుకున్నా."

ఆరోన్ హేమకి ఒక్కసారీ ఫోన్ చెయ్యలేదు. ఎంత చక్కగా అబద్ధం ఆడుతోందో అనుకుంది హేమ. లోలాకులు కూడా ఊగకుండా.

*

శుక్రవారం మూడున్నరకి ల్యాబు నుంచి ఆరు ప్లాస్టిక్ గొట్టాలు ఆఫీసుకి తిరిగొచ్చాయి. మీద ఆరోన్ సంతకం, సీలు. రిపోర్టు ఒక్క ముక్క: నూనె ఆనవాలు లేదు. కాపీ అప్పటికే అధికారికి చేరింది.

కాలవ పక్క మట్టిలో నూనె లేకపోవడమేమిటి? మట్టి మార్చేశారు. ఎవరు? ఇంకెవరు? గొట్టం మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. వినీల సెంటు వాసన పట్టుకుంటే చాలు.

సెంటు లేదు. మామూలు మట్టి వాసన.

వాళ్ళ నాన్న రొయ్యల చెరువుకి భూమి కౌలుకి తీసుకునే ముందు చిటికెడు మట్టి నాలుక మీద వేసుకునేవాడు. రొయ్య బతుకుతుందో లేదో అక్కడే చెప్పేసేవాడు. ఆలోచించకుండానే హేమ చెయ్యి నోటికి వెళ్ళింది.

చప్పగా ఉంది.

ఇంకో గొట్టం. చప్పన. మూడోది కూడా. సముద్రపు కాలవ పక్క మట్టి ఎండలో తెల్లగా పూత పూస్తుంది. కాలికి అంటితే పుండు మండుతుంది. ఇది కృష్ణా కాలవ తీపి నీళ్ళు తాగిన మట్టి, చెరుకు పండే మట్టి. ల్యాబుని నూనె ఉందా అని అడిగారు, నూనె కోసమే చూసింది. ఉప్పు సంగతి ఎవరూ అడగలేదు.

ఉయ్యూరు నుంచి యార్డుకి పోయి రావడానికే మూడు గంటలు కావాలి. అతను నూట ఇరవై ఐదు నిమిషాల్లో వచ్చేశాడు. బూట్లు లేకుండా.

హేమ ఒక గొట్టానికి మూత బిగించి పట్టుకుంది. మట్టి తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. గడియారం నాలుగూ పది చూపిస్తోంది.

*

నాలుగూ నలభై ఎనిమిదికి హోటలు యూనిఫాంలో, చేతిలో టీ ఫ్లాస్కుతో మీటింగు హాలు తలుపు దగ్గరికి చేరింది. ఫ్లాస్కు దొంగ అడుగులో ఒక గొట్టం. సెక్యూరిటీ మనిషి అడ్డం నిలబడ్డాడు. లోపలి నుంచి వినీల చూసింది. ప్రాణం మీదికొస్తేనే వాడాల్సిన కోడ్ మాట ఒకటి ఉంది. దాన్ని ఈ మనిషితో అనాల్సి వస్తుందని హేమ కలలో కూడా అనుకోలేదు.

"బ్యారేజీ గేట్లు ఎత్తారటండీ."

వినీల ముఖంలో ఒక్క కండరం కదల్లేదు. "రానివ్వవయ్యా, టీ నేనే చెప్పాను" అంది.

బల్లకి అటు కొంగ మనిషి మిస్టర్ హాల్. ఇటు అధికారి తెరేసమ్మ గారు, రిటైర్మెంటుకి నెల దూరంలో ఉన్న అవనిగడ్డ మనిషి. పెన్ను మూత అప్పటికే తీసి ఉంది. నాలుగూ యాభై ఎనిమిది.

హేమ కప్పులో టీ పోయలేదు. సాసర్లో మట్టి పోసింది.

"ఇది ఆ యార్డు మట్టి అంటున్నారండీ. ఒక్క చిటికెడు నాలుక మీద వేసుకోండి."

"వాట్ ఈజ్ దిస్?" అన్నాడు హాల్.

తెరేసమ్మ గారు హేమ ముఖంలోకి చూశారు. కళ్ళజోడు తీసి, చిటికెడు నోట్లో వేసుకున్నారు.

"చప్పగా ఉందే" అన్నారు. పెన్నుకి మూత పెట్టారు.

"మేడమ్, ఇదేం టెస్టు?"

"మా దివిసీమలో పాత టెస్టేనండీ. దీనికి ఫీజు కూడా లేదు." హేమ వైపు తిరిగారు. "రేపు నేనే వచ్చి మట్టి తీయిస్తాను. బూట్లు ఉన్నాయా అమ్మా?"

"ఉన్నాయండీ. మా ఆయనవి. వేసుకోలేదు."

వరండాలో వినీల ఆమె మోచెయ్యి పట్టుకుంది. "ఆరోన్ గారు మధ్యాహ్నమే గన్నవరం ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోయారు. మీరే ఎక్కడికో పంపారనుకున్నాను."

"ఒక్కరేనా?"

వినీల ఒక క్షణం అర్థంకానట్టు చూసింది. "ఒక్కరేనండీ."

*

తెరేసమ్మ గారు తీయించిన మట్టికి ల్యాబు దాకా వెళ్ళే పని లేకపోయింది. గొట్టం మూత తియ్యగానే గదంతా కిరసనాయిలు కంపు. రెండు వందల నలభై కోట్లు బ్యాంకులోనే ఉన్నాయి, కొంగ ఎగిరిపోయింది.

శౌరయ్య గారు ఫ్లైటు లిస్టు తెప్పించి హేమ ముందు పెట్టారు. 14ఏ ఆరోన్. ఆమె వేలు పక్క సీటు దగ్గర ఆగింది. 14బి ఖాళీ.

"ఇంకేమైనా చూడాలా అమ్మా?"

"చాలండీ."

ఫైలు చివరి పేజీ హేమే టైపు చేసింది. ఈసారి ఏమీ చెరపలేదు. ఆరోన్ తిరిగి రాలేదు. వెళ్ళింది 2024 ఫిబ్రవరి 9, శుక్రవారం, మధ్యాహ్నం రెండున్నరకి.