మడచెట్ల మలుపులో వెలుతురు

దగ్గరగా జరగండమ్మా... ఆ గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకు రండి. దుర్గమ్మ తల్లిని ఒక్కసారి తలుచుకుని వినండి. ఇది మా పటమట హేమసుందర్ గారు నాకు చెప్పింది. చెబుతూ చెబుతూ మధ్యలో లేచి, మొహం కడుక్కొచ్చారాయన.

దివిసీమ చివర, సముద్రం పోటు ఎక్కే ఉప్పుకాలవ ఒకటుంది. రెండు వైపులా మడచెట్లు. అందులో ఒక మలుపు దగ్గర చీకటి పడ్డాక ఎవరూ పడవ ఆపరు. కొరివిదెయ్యం ఉందంటారు. మబ్బుండదు, ఉరుముండదు... తటాలున తెల్లటి వెలుతురు. ఆ వెలుతుర్లో జుట్టు విరబోసుకున్న ఆడమనిషి. మళ్ళీ చీకటి.

హేమసుందర్ గారికి ఆటోనగర్‌లో స్పేర్‌పార్టుల కొట్టు. సెలవు దొరికితే చాలు, అడవి జంతువుల ఫొటోలంటూ పోతారు. నీళ్ళలో చేపలు పట్టే బావురుపిల్లిని తీయాలని ఆయన కోరిక. మనిషి అలికిడైతే అది రాదు. అందుకని ఆ మలుపులో చెట్టుకి కెమెరా కట్టారు. ముందు ఏది కదిలినా దానంతటదే ఫ్లాష్ కొట్టి ఫొటో తీసే కెమెరా. చెబితే ఎవరైనా ఎత్తుకుపోతారని, కట్టిన సంగతి ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్ళకి వెళితే, కరకట్ట మీద వీరమ్మ టీకొట్టు దగ్గర ఒకటే వేళాకోళం. పిల్లి కోసం బెజవాడ నుంచి పెట్రోలు పోసుకుని రావాలా, మా వంటింట్లో పాలు తాగిపోయేది ఉంది, పట్టుకుపొండి అన్నారట. అంతలో ఒకాయన గొంతు తగ్గించి, ఆ మలుపుకి మాత్రం వెళ్ళకండని దెయ్యం సంగతి చెప్పాడు.

హేమసుందర్ గారు లోలోపల నవ్వుకున్నారు. వెలుతురు తన ఫ్లాషే కదా...

మరి ఆడమనిషి?

పగటిపూటే వెళ్ళి కెమెరాలో వేరే కార్డు పెట్టి, పాతది తెచ్చి, ఆ కొట్లోనే లాప్‌టాప్ తెరిచారు. మొదట నక్క. తర్వాత కొంగ. ఆ తర్వాత —

తడిసిన చీర. విరబోసిన జుట్టు. సూటిగా కెమెరాలోకి చూస్తూ... నవ్వుతోంది.

మర్నాటి రాత్రి మళ్ళీ ఆమే. ఆ మర్నాడూ ఆమే. గుండెకి అదుముకున్న పొడి లుంగీ. మొదటి ఫొటోలో నీళ్ళు పాదాల దగ్గరున్నాయి. ఆఖరి దాంట్లో నడుం దాకా వచ్చాయి.

చుట్టూ ఉన్నవాళ్ళు బెంచీలు వదిలి లేచిపోయారు. వీరమ్మ ఒక్కతే దగ్గరకొచ్చి, తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని, తెరని ముట్టుకుంది.

"దెయ్యం కాదు బాబూ. నా కోడలు... గంగాదేవి."

వీరమ్మ కొడుకు కాశీరావు మొన్నటి వాయుగుండంలో వేటకెళ్ళి తిరిగిరాలేదు. మనిషీ దొరకలేదు, పడవా దొరకలేదు. వేట నుంచి వస్తూ ఆ మలుపులో టార్చి వెలిగించడం అతని అలవాటు. అది చూసి పెళ్ళాం పొడి లుంగీ పట్టుకుని రేవుకి పరిగెత్తేది. కర్మ చేద్దామంటే గంగాదేవి ఒప్పుకోదు. నేను వెళ్ళినప్పుడల్లా వెలుగు చూపిస్తున్నాడు, బతికున్నవాడికి దినం చేస్తారా అంటుంది.

ఎదర పున్నమి పోటు. ఇంకొక్క రాత్రి ఆలస్యమైతే ఏమవుతుందో వీరమ్మకి తెలుసు.

అసురసంధ్య వేళ హేమసుందర్ గారిని ఎక్కించుకుని ఆవిడే పడవ తోసింది. కొట్టు దగ్గరి కుక్క కూడా వెంట ఎక్కింది. వాళ్ళు దిగేసరికే గంగాదేవి నీళ్ళలోంచి నడిచొస్తోంది...

తెల్లటి వెలుతురు.

"చూశావా అత్తా," అంది మెల్లగా. "వచ్చాడు."

హేమసుందర్ గారు కెమెరా ముందుకి నడిచారు. వెలిగింది. ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది — మనిషిని చూసి వెలిగించాడనుకుంది కాబోలు. ఆయన పక్కకి తప్పుకున్నారు. అప్పుడు కుక్క ఒళ్ళు దులుపుకుంటూ అటు నుంచి ఇటు పోయింది.

వెలిగింది.

గంగాదేవి చాలాసేపు ఆ కుక్క వంకే చూసింది.

"కుక్కకి కూడా... వెలుగుతుందా అన్నా?"

వాయుగుండం వెళ్ళాక ఆ పిల్ల ఏడవడం అదే మొదలు. అత్త ఒళ్ళో తల పెట్టుకుని, పోటు ఎక్కేదాకా ఏడ్చింది.

ఒక్కటి గుర్తుంచుకోండి నాయనా. ఎవరూ లేరనుకున్న చోట దీపం పెట్టేముందు, దగ్గర్లో ఉన్న గుమ్మం తట్టి, ఇది నా దీపమని చెప్పి రండి. హేమసుందర్ గారిప్పుడు అలాగే చేస్తున్నారు. మీరూ చేయండి.