నీళ్ళు పెట్టని బందెలదొడ్డి

పొద్దున్నే ఆవు నుదుట పసుపు రాసి, కుంకుమ పెట్టి, దాని చుట్టూ తిరిగి మొక్కుతాం. అదే ఆవు మధ్యాహ్నం మన చేలో పడితే కర్ర పట్టుకొని వెంటబడతాం. మొక్కిన చేయి సరైనదా, కర్ర ఎత్తిన చేయి సరైనదా? దేవుడి ముందు దీపం పెట్టినప్పుడల్లా ఈ సందేహం ఎన్నో ఏళ్ళుగా నన్ను తొలుస్తూనే ఉంది. పంట పోతే రైతు కడుపు మాడుతుంది, అదీ అబద్ధం కాదు. పిల్లలూ, నాకు జవాబు తెలియదు గాని ఒక కథ తెలుసు.

మేడిగిరి రాజ్యంలో ఊరూరా ఒక బందెలదొడ్డి ఉండేది. పరాయి చేలో మేసిన పశువును అక్కడ కట్టేసేవారు. సొంతదారు వచ్చి, నష్టపోయిన చేలో పని చేసి విడిపించుకోవాలి. కట్టేసిన వాడు ముందుగా ఆ పశువుకు తన చేత్తో నీళ్ళు పెట్టాలన్నది పాత ఆచారం. గుణకేతుడు రాజైన తర్వాత ఆ ఆచారాన్ని మాన్పించాడు. పశువు దాహంతో అరిస్తే సొంతదారు త్వరగా వస్తాడని ఆయన లెక్క.

ఆ రాజ్యంలో కదిరన్న అనే రైతు, అతని గట్టు పక్కనే తిమ్మక్క అనే విధవరాలు ఉండేవారు. కదిరన్న కూతురు ఓబులమ్మ పుట్టినప్పుడు తల్లికి జ్వరం వచ్చి పాలు పడలేదు. తిమ్మక్క సొట్టపడిన తన ఇత్తడి చెంబుతో ఆవుపాలు పంపి బిడ్డను బతికించింది. చెంబు మాత్రం కదిరన్న ఇంట్లోనే ఉండిపోయింది. పాలు వచ్చిన పాత్రను ఉత్తగా తిరిగి ఇవ్వకూడదు. నింపి ఇద్దామంటే ఆ ఏడు పంట పోయింది. మరుసటి ఏడు గట్టు తగాదా వచ్చి మాటలు ఆగిపోయాయి. చెంబు అటకెక్కింది.

ఓబులమ్మ పెద్దదయ్యాక ఒకనాడు తిమ్మక్క ఆవు తాడు తెంచుకొని కదిరన్న జొన్నచేలో పడింది. గింజ పట్టిన కంకులు నేలపాలయ్యాయి. కదిరన్న మండుటెండలో ఆవును దొడ్డికి ఈడ్చుకెళ్ళి కట్టేశాడు. దానికి ఇంట్లో పాలు మరవని దూడ ఉంది. తిమ్మక్క వెంటబడి, గుక్కెడు నీళ్ళయినా పెట్టమని అడిగిందట. రాజాజ్ఞ ఉందని కదిరన్న వెనక్కి చూడకుండా వచ్చేశాడు.

తెల్లవారి దొడ్డి తలుపు తీసిన కావలివాడు నేలమీద కూలబడ్డాడు. లోపల ఉన్న పశువులన్నీ రాళ్ళయిపోయాయి. ఎత్తిన తోక ఎత్తినట్టే, తెరిచిన నోరు తెరిచినట్టే ఉన్నాయి. రాజ్యంలో ఏ దొడ్డి చూసినా అంతే. రాజు స్వయంగా వచ్చి ఒక కోడెను తాకి, చేయి కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. దాన్ని తన తోటలో పట్టి కట్టించింది ఆయనే.

తిమ్మక్క ఆవు దూడ ఇంకే ఆవునూ దగ్గరికి రానివ్వలేదు. రాతి పొదుగును నాకి నాకి దాని నాలుక నెత్తురోడింది. ఓబులమ్మ అది చూసి అటక మీది చెంబు దించి, నీళ్ళు నింపుకొని, నడుముకు కొడవలి దోపుకొని, ఆవును బతికించే ఉపాయం వెతుక్కుంటూ అడవిదారి పట్టింది.

అడవి మొదట్లో ఒక ముని కనిపించాడు. దాహంతో బిగిసిన ప్రాణులను మంటకోనలోని ఊట మాత్రమే కదిలిస్తుందని, దానికి ఎండాసురుడనే రాక్షసుడు కాపలా అని చెప్పాడు. అతని పొలంలో అడుగు పెట్టవద్దని హెచ్చరించాడు.

“ఆ పొలం గట్టు ఎక్కడుంటుంది స్వామీ?” అని ఓబులమ్మ అడిగింది.

“మీ గట్టు ఎక్కడుందో ఆవుకు ఎవరు చెప్పారు తల్లీ?” అన్నాడు ముని.

ఆ మాట అర్థం కాకుండానే ఆమె ముందుకు నడిచింది. దారికి అడ్డంగా ఒక అడవిదున్న నిలబడి బుసకొట్టింది. ఎప్పుడో ఎవరో కట్టిన పలుపు దాని మెడ కండలోకి దిగిపోయి ఉంది. ఓబులమ్మ దగ్గరకు వెళ్ళి, కొడవలితో ఆ తాడు కోసి తీసింది. దున్న ఆమెను వీపున ఎక్కించుకొని, కాలే ఇసుక ఏటిని దాటించి వెళ్ళిపోయింది.

అవతల పచ్చగడ్డి. ఆమె అడుగు వేసిందో లేదో మెడకు పలుపు పడింది. తాటిచెట్టంత రాక్షసుడు ఆమెను ఈడ్చుకెళ్ళి ఒక దొడ్డిలో గుంజకు కట్టేశాడు. ఆమె చుట్టూ చూసింది. గుంజలకు కట్టి ఉన్నవాళ్ళంతా మనుషులే. మాట పోయి, పశువుల్లా చూస్తున్నారు.

“నా చేలో పడి తొక్కుతావా? గట్టు కనబళ్ళేదా?” అన్నాడు ఎండాసురుడు.

“నిజంగానే కనబళ్ళేదయ్యా. కట్టేస్తే కట్టేశావు, ముందు నీళ్ళు పెట్టల్ల. అది మా ఊరి ఆచారం.”

“మీ నాయన పెట్టినాడా?”

 పెట్టలేదని ఓబులమ్మ నిజమే చెప్పింది.

రాక్షసుడు నేలమీద చతికిలబడ్డాడు. “నేనూ రైతునే పిల్లా. ఒక చూలావును నీళ్ళు పెట్టకుండా కట్టేసినా. అది చచ్చిపోయింది. ఆ పొద్దు పట్టిన దప్పిక ఇంకా పోలేదు. ఊట నా కాళ్ళకాడే ఉంది, నేను వంగితే ఇంకిపోతాది.”

అతని పెదవులు బీటలు వారి ఉన్నాయి. మా నాయన కూడా ఇలాగే అవుతాడా అనుకుంది ఓబులమ్మ. చెంబులో గుక్కెడే మిగిలింది. “దోసిలి పట్టు, పెద్దాయనా” అని అదీ పోసేసింది.

తాగుతుండగానే అతని ఆకారం తగ్గి, నెరిసిన ముసలి రైతు మిగిలాడు. అతను ఊట దగ్గరకు వెళ్ళి, దోసిలితో తెచ్చి ఒక్కొక్కరికీ తానే తాగించాడు. తాగిన వారి తాడల్లా ఊడిపడింది. ఓబులమ్మ చెంబు నింపుకొని, చల్లబడిన ఇసుక ఏరు దాటి ఇంటిదారి పట్టింది.

దూడ అప్పటికి రాతి ఆవు పక్కన మెడ వాల్చేసింది. ఓబులమ్మ తొట్టిలో ఊటనీరు ఒంపగానే తొట్టి నిండింది. ఆమె దోసిలితో తీసి ఆవు నోటికి అందించింది. ఆవు కదల్లేదు. రాతి కంటి నుంచి నీళ్ళు మాత్రం కారాయి. చూసేవాళ్ళు బిత్తరపోయారు. ముసలి రైతు తాను కట్టిన వాళ్ళకు తానే తాగించిన సంగతి అప్పుడు గుర్తొచ్చి, ఆమె తండ్రి వైపు తిరిగింది.

“నాయనా, కట్టింది నువ్వు. నువ్వే పెట్టల్ల.”

“రాజు చెప్పినట్టే చేసినా గదమ్మా” అన్నాడు కదిరన్న. అన్నాడే గాని మోకాళ్ళ మీద కూర్చొని, దోసిలితో నీళ్ళు అందించాడు. రాయి మెత్తబడింది. ఆవు గుటక వేసింది. దూడ మెడ ఎత్తి, తూలుతూ పొదుగును వెతుక్కుంది.

ఆ కబురు విని వచ్చిన రాజు కిరీటం తీసి పక్కన పెట్టి, తాను కట్టించిన కోడె ముందు వంగి దానికి నీళ్ళు పెట్టాడు. ఆ ఊటనీరు ప్రతి దొడ్డికీ వెళ్ళింది. కట్టిన వాళ్ళందరూ వచ్చి తమ చేతులతో నీళ్ళు పెట్టారు. గుణకేతుడు ఆజ్ఞను రద్దుచేసి, రాజ్యంలోని బందెలదొడ్లన్నిటికీ ఓబులమ్మను అధికారిణిని చేశాడు. పంట నష్టానికి పని చేసే పద్ధతి మాత్రం ఆమె తీసేయలేదు. తిమ్మక్క కూడా కదిరన్న చేలో కలుపు తీసింది.

ఆ పంట ఇంటికొచ్చిన రోజు కదిరన్న చెంబు నిండా కొత్త జొన్నలు పోసుకొని తిమ్మక్క గడప ముందు నిలబడ్డాడు.

“అక్కా, నీ చెంబు.”

తిమ్మక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “సొట్ట పోగొట్టినావు గదా తమ్ముడూ” అని, జొన్నలు చేటలో పోసుకొని, చెంబు కడిగి, పాలు పిండడానికి ఆవు దగ్గరకు వెళ్ళింది.