నాన్నకి ఎన్ని మార్కులు

భర్తకి చొక్కా తొడగడం ఇంత పెద్ద పనని ఆపరేటరమ్మకి అరవై ఏళ్ళు వచ్చాక తెలిసింది. ముందు కుడిచేయి, మెల్లగా, అది ఎక్కడిదాకా వస్తే అక్కడిదాకా. తర్వాత వెనకనుంచి గుడ్డ లాగి ఎడమచేయి. ఆపైన బొత్తాలు. ఈలోగా ఆయన "అబ్బ, లాగకు" అని పదిసార్లు, "ఇంకా ఎంతసేపు" అని పదిసార్లు. చంటిపిల్లాడికి తొడగడమే నయం, వాడు మధ్యలో ఒకసారైనా నవ్వుతాడు.

ఆవిడ ముప్ఫైయొక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైంది. ఉద్యోగం పోయినా పేరు పోలేదు, వీధిలో అందరికీ ఇప్పటికీ ఆపరేటరమ్మే. ఆయన బస్సు డిపోలో ఫోర్‌మన్‌గా చేసి దిగిపోయారు. రెండు నెలల కిందట స్నానాలగదిలో జారిపడితే కుడి భుజం దగ్గర ఎముక విరిగింది. ఎముకైతే అతికింది గానీ, కట్టు విప్పేసరికి భుజం బిగుసుకుపోయింది. ఆరు వారాలపాటు రోజూ చేతిని సాగదీసి వ్యాయామం చేయించాలి, ఆలస్యం చేస్తే చేయి ఇక ఛాతీ దాటి పైకి లేవదు అని డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

చేయించే మనిషి కోసం ఊరంతా తిరగక్కర్లేదు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ఫిజియోథెరపిస్టు. ఆసుపత్రిలో రోజుకి ముప్ఫై మంది కాళ్ళూ చేతులూ సాగదీసి ఇంటికొస్తుంది. ఇంట్లో ఉన్న ఒక్క చేతినీ మాత్రం ముట్టుకోదు. ముట్టుకోనివ్వరు. అప్పటికి మూడు వారాలైంది.

కారణం చెబితే బయటివాళ్ళు నవ్వుతారు. ఊళ్ళో ఎన్నికలొచ్చాయి. ఆయన నలభై ఏళ్ళుగా గొడుగు పార్టీ. అమ్మాయి తోటి ఉద్యోగులతో కలిసి నిచ్చెన పార్టీ ఊరేగింపులో నడిచింది. ఆయన డిపో స్నేహితుడొకడు ఆ ఫొటో ఫోన్లో తెచ్చి చూపించి, "ఇది మనమ్మాయేనా బావా" అని అడిగి, టీ తాగి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర తండ్రి ఒకటన్నారు, కూతురు రెండంది. చివరికి అమ్మాయి, "మీ గొడుగువాళ్ళంతా బుర్ర తాకట్టు పెట్టేసినవాళ్ళు" అనేసింది. "అయితే బుర్ర లేనివాడి చేయి నీకెందుకు? ముట్టుకోకు" అన్నారాయన. అంతే, మాటల్లేవు.

మాటల్లేవంటే బొత్తిగా లేవని కాదు, అన్నీ ఆవిడ మీదుగా నడుస్తున్నాయి. "మీ అమ్మాయిని గీజరు ఆపమను." "మీ ఆయన మందు వేసుకున్నాడేమో అడుగమ్మా." ఎక్స్ఛేంజిలోనైతే రెండువైపులా లైను కలిపేసి తను తప్పుకునేది. ఇక్కడ ప్రతి మాటా తనే మోసుకెళ్ళి అప్పగించాలి. ఆవిడ ఎవరికి ఓటేసిందో ఆ ఇంట్లో ఎవరూ అడగనే లేదు.

ఈ గోల నుంచి రోజుకి నాలుగు గంటలైనా తప్పించుకుందామని ఆవిడ కొత్త ఉద్యోగం ఒకటి చూసుకుంది. ఊళ్ళో సర్వే ఆఫీసొకటి ఉంది. జనానికి ఫోన్ చేసి కాగితంలో ఉన్న ప్రశ్నలు చదివి, జవాబులు రాసుకోవాలి. ఆవిడ గొంతు వినగానే తీసేసుకున్నారు. శిక్షణ ఇచ్చిన సూపర్‌వైజరు కూతురికన్నా చిన్నది, కానీ నియమాల దగ్గర గండరగండురాలు.

"ఆంటీ, ప్రశ్న ఎలా ఉంటే అలాగే చదవాలి. జవాబు ఎలా చెబితే అలాగే రాయాలి. 'బాగుంది', 'అయ్యో', 'అలాగా' ఏమీ అనకూడదు. తలకాయ కూడా ఊపకూడదు. ఒకరి జవాబు ఇంకొకరికి చెప్పడం అసలు ఉండదు. ఇంట్లోవాళ్ళకైనా సరే."

"ముప్ఫైయొక్క ఏళ్ళు ఊరందరి మాటలూ నా చెవిలోంచే వెళ్ళాయమ్మా. ఒక్కటీ బయటికి రాలేదు" అంది ఆపరేటరమ్మ కాస్త గర్వంగానే.

సోమవారానికల్లా తెలిసినవాళ్ళ చేత నాలుగు కాగితాలు నింపి తెమ్మంది ఆ పిల్ల, అభ్యాసానికి. పక్కింటివాళ్ళవి రెండు అయిపోయాయి. మిగిలినవి ఇంట్లోనే ఉన్నాయి.

శనివారం సాయంత్రం అమ్మాయిని బాల్కనీలో కూర్చోబెట్టింది. ఊరికి అన్నిటికన్నా ముందు ఏం కావాలి అని మొదటి ప్రశ్న. "బస్సులు" అంది అమ్మాయి ఠక్కున. "నా పేషెంట్లలో సగం మంది బస్సు లేకే మధ్యలో మానేస్తారు. ఆ డిపోలో సరిగ్గా మనుషుల్ని వేస్తే చాలు." నీళ్ళు, బడులు, వీధి దీపాలు, అన్నిటికీ ఆలోచించి చెప్పింది. ఆవిడ ముఖం కదలకుండా రాసుకుంది.

చివర్లో పార్టీలకి మార్కులు వెయ్యాలి, సున్నా నుంచి వంద దాకా. నిచ్చెనవాళ్ళకి డెబ్భై. గొడుగువాళ్ళకి అయిదు, "అదీ దయతలిచి."

"పదిహేడో ప్రశ్న" అంది ఆవిడ, ట్రంకు కాల్ కలిపేటప్పటి గొంతుతో. "మీకు బాగా దగ్గరివాళ్ళలో, మీరు తక్కువ మార్కులు వేసిన పార్టీని బలపరిచేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"నువ్వు అడిగేదేంటమ్మా. ఉన్నారు."

"ఆ ఒక్కరినే తలుచుకుని మార్కులు వెయ్యండి."

"వంద." ఆలోచించనైనా లేదు. చెప్పాక ముఖం అటు తిప్పేసుకుంది. "రాశావా? ఆయనకి చెప్పకు."

ఆవిడకి ఇప్పుడే లోపలికి పరిగెత్తి ఆ కాగితం ఆయన ముఖాన పెట్టాలనిపించింది. కానీ మాట ఇచ్చింది, ఉద్యోగం సంగతి అలా ఉంచితే, కూతురు కూడా చెప్పొద్దనే అంది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున అమ్మాయి సగం పూట డ్యూటీకి వెళ్ళింది. చొక్కా తతంగం అయ్యాక ఆవిడ భర్త ఎదురుగా కుర్చీ వేసుకుంది. ఆయన ఉషారుగానే ఉన్నారు. "నలభై ఏళ్ళ కాపురంలో నా అభిప్రాయం అడగడం ఇదే మొదటిసారి. అడుగు."

"ఊరికి అన్నిటికన్నా ముందు ఏం కావాలి?"

"ఆసుపత్రి. ఆ వ్యాయామాల గది చూశావా? వానొస్తే కారుతుంది. ముప్ఫై మందికి నాలుగు మంచాలు. అక్కడ పనిచేసేవాళ్ళ నడుములేం కావాలి?"

ఆవిడ తలకాయ ఊపబోయి ఆపుకుంది. అమ్మాయేమో ఆయన డిపో గురించి, ఆయనేమో అమ్మాయి గది గురించి. తర్వాతివీ అంతే. నీళ్ళు, బడులు, దీపాలు, ఒక్క మార్కెట్ సంగతి తప్ప అన్నిటికీ నిన్న విన్న జవాబులే, గొంతొకటే తేడా. మరి ఇద్దరూ దేని గురించి కొట్టుకుంటున్నారో ఆవిడకి అంతుబట్టలేదు.

మార్కుల దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు మారింది. గొడుగుకి ఎనభై. నిచ్చెనకి సున్నా. "సున్నా కింద ఇంకేమైనా ఉంటే అది రాయి."

"పదిహేడో ప్రశ్న. మీకు బాగా దగ్గరివాళ్ళలో, మీరు తక్కువ మార్కులు వేసిన పార్టీని బలపరిచేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"ఉందిగా."

"ఆ ఒక్కరినే తలుచుకుని మార్కులు వెయ్యండి."

ఆయన ఎడమచేత్తో కుడిచేతిని ఒళ్ళోకి సర్దుకున్నారు. "అది నాకు ఎన్ని వేసింది?" అన్నారు చివరికి.

"చెప్పకూడదండీ."

"నిన్న బాల్కనీలో ఇదేగా అడిగావు. చెప్పు. అదెంతేసిందో తెలిస్తే నేనూ చెప్తాను."

"ఒకరిది ఒకరికి చెప్పడం ఉండదు."

"సున్నా వేసిందా?"

ఆవిడ కదల్లేదు. అవునన్నా తప్పే, కాదన్నా తప్పే. తలాడిస్తే నియమం పోతుంది, కూతురు పెట్టుకున్న నమ్మకమూ పోతుంది. ఎక్స్ఛేంజిలో ఎన్ని చావు కబుర్లు విన్నా చెక్కుచెదరని ముఖమది, ఇప్పుడూ అలాగే పెట్టుకుంది.

"తెలిసిందిలే" అన్నారాయన. "మంచి మాట అయితే నీ ముఖం ఇలా ఉంటుందా? కళ్ళలోనైనా కనబడేది. రాసుకో, నాదీ సున్నాయే."

"ఇంకోసారి ఆలోచించి..."

"అలా అనొచ్చని ఉందా నీ రూల్సులో? రాయమన్నాను."

రాసింది. నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ సున్నా పడేది కాదని తెలిసే రాసింది. లేచి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో కాసేపు ఏడ్చింది.

మధ్యాహ్నం అమ్మాయి వచ్చింది. చెప్పులు విడుస్తూ చూసేసరికి తండ్రి ఎడమచేత్తో టీ కప్పు ఎత్తబోతున్నారు. కప్పు ఒరిగింది. అలవాటున చేయి ముందుకెళ్ళిపోయింది, మాట కూడా. "ఉండు నాన్నా, నేను పట్టుకుంటా."

మూడు వారాల తర్వాత నేరుగా వచ్చిన మొదటి మాట. ఆయనేమో దాన్ని కాస్తా తుంచేశారు. "సున్నా మనిషి కప్పు నీకెందుకు?"

"ఏ సున్నా?"

"నువ్వు నాకు వేసిన సున్నా."

అమ్మాయి తల్లి వైపు తిరిగింది. "అమ్మా, ఏం చెప్పావు?"

"నీ మీద ఒట్టు, ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పకపోవడమే తప్పయినట్టుంది."

"చెప్పాలా? నలభై ఏళ్ళుగా చూస్తున్న ముఖం" అన్నారాయన. "వెయ్యి, నీ ఇష్టం. కానీ డిపోలో సమ్మె జరిగినప్పుడు మూడు నెలలు జీతాల్లేవు. నీకు రెండేళ్ళు. ఇంటింటికీ సరుకులు మోసుకొచ్చింది ఆ గొడుగువాళ్ళే. బుర్ర తాకట్టు పెట్టామన్నావే, ఆ బుర్ర లేనివాళ్ళ పాలడబ్బాతోనే పెరిగావు నువ్వు. వాళ్ళకెదురుగా నడిచి వెళ్తుంటే నా మీదినుంచి నడిచినట్టే అయింది నాకు."

అమ్మాయి నిలబడే వింది. ఈ సంగతి ఆమెకి ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు. కప్పు బల్ల మీద పెట్టి, తండ్రి కుర్చీ పక్కన ఎత్తుపాటి ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది.

"చెప్పకూడదని రూలు అమ్మకి. నాకు లేదు. నా కాగితం, నా నోరు" అంది. "మీ పార్టీకి అయిదు వేశాను. నీకు వంద."

ఆయన భార్య ముఖం చూశారు. ఆవిడ కళ్ళు కారిపోతున్నాయి. అప్పుడు నమ్మారు.

"మరి నువ్వెన్ని వేశావు నాన్నా?"

తప్పించుకోవాలంటే దారి ఉంది. భార్య చచ్చినా చెప్పదు, కాగితం ఎవరూ చూడరు. తనూ వందే అంటే అక్కడితో అయిపోయేది. ఆయన నేల చూస్తూ, "సున్నా" అన్నారు. "నువ్వు వేశావనుకున్నాను. నువ్వు వేసినందుకు వేశాను."

"నేను వెయ్యందే."

"అవును. వెయ్యందే."

అమ్మాయి పెదవి కొరుక్కుంది, ఏడుపు ఆగలేదు. ఆ సున్నా గుచ్చుకుంది మరి, గుచ్చుకోకుండా ఎలా ఉంటుంది. కాసేపటికి ముక్కు తుడుచుకుంది. "నేను అన్నదీ తక్కువేం కాదులే. బుర్ర తాకట్టు అన్నప్పుడు నిన్ను పక్కనబెట్టి అనలేదు, అందరితో కలిపే అనేశాను. నోరు జారాక నాకే తెలిసింది. వెంటనే చెప్పాల్సింది, పంతం పట్టుకుని కూర్చున్నా."

"నేను మాత్రం? ఇంట్లో నువ్వుండగా బొత్తాలు మీ అమ్మ చేత పెట్టించుకుంటున్నా" అని ఆయన భార్య వైపు తిరిగారు. "ఆ అంకె కొట్టేయవే."

"కొట్టివేతలుంటే కాగితం చెల్లదండీ."

"చెల్లకపోతే చింపెయ్. ఎదురింటాయన్ని పట్టుకుని ఇంకోటి రాసుకో" అన్నారాయన. ఉద్యోగంలో చేరకముందే ఆవిడ మొదటి నియమం తప్పింది. కాగితం నాలుగు ముక్కలైంది.

అమ్మాయి ఏమీ అడగకుండా ఆయన మోచేతి కింద అరచెయ్యి పెట్టింది. ఆయన లాక్కోలేదు. మెల్లగా ఎత్తింది. ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది, లోపల ఏదో పట్టేసినట్టు. ఆయన పళ్ళు బిగించారు.

"మూడు వారాలు పోయాయి నాన్నా" అంది ఆమె, ఆసుపత్రిలో మాట్లాడే గొంతుతో. "నీకు అబద్ధం చెప్పను. పూర్తిగా లేవకపోవచ్చు."

"ఎక్కడిదాకా లేస్తుందో చెప్పు."

"రోజూ చేస్తే భుజం దాకా. ఇంకా గట్టిగా పట్టుబడితే ఆపైన కొంచెం."

ఆయన కూతురి తల వంక చూశారు. "ఇక్కడిదాకా వస్తే చాలు. నీ తల మీద చెయ్యి పెట్టగలిగితే, మిగతాది ఎలా ఉన్నా ఫర్వాలేదు." ఇప్పుడే పెట్టాలని చూశారు, రాలేదు. "కాస్త వంగమ్మా, అందుతుంది."

గుమ్మంలో నిలబడ్డ ఆపరేటరమ్మ, వంగుతుందనే అనుకుంది. అమ్మాయి వంగలేదు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

"నేను వంగితే నీ చెయ్యి పనిచెయ్యదు నాన్నా. నువ్వే ఎత్తాలి. నేను కింద పట్టుకునే ఉంటాను. ఊపిరి తీసుకో."

ఆయన ఊపిరి తీసుకున్నారు. చెయ్యి ఒక వేలెడు లేచింది.