గువ్వలగవిలో తెగిన గీత

"ఎర్రబద్దను విడువకు."

గువ్వలగవి అనే గుహ నోటి దగ్గర, పడగ విప్పిన పాము బొమ్మ కింద, ఏనాటి పాళెగాడో చెక్కించిన మాట అది. ఎర్రమల కొండల్లో పశువులు కాసే పిల్లవాడికి కూడా ఆ మాట కంఠతా వచ్చు. గవి గోడలో జానెడు మందాన ఎర్రరాతి పొర ఒకటి పరుగెడుతుంది, అదే ఎర్రబద్ద. దాని వెంట పోతే పాళెగాడు దాచిన బంగారం దొరుకుతుందని ప్రతీతి. పోయినవాళ్లు చాలామందే ఉన్నారు. బంగారంతో తిరిగొచ్చినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఆ ఉదయం గవి ముందు ముగ్గురు నిలబడ్డారు. గునపం భుజాన వేసుకున్నవాడు సుంకన్న, నాపరాళ్ల గని నడుపుతాడు. కోపం ముందు పుట్టి తను తర్వాత పుట్టిన మనిషి. పక్కన అతని చెల్లెలు నాగవేణి, అనంతపురంలో కాలేజీ పిల్లలకు భూగర్భశాస్త్రం చెబుతుంది. వాళ్లకు ఎడంగా, తలగుడ్డ సరిచేసుకుంటూ ముసలి దస్తగిరి.

ఈ దస్తగిరి సంగతి చెప్పకుండా ముందుకు పోలేం. ఇరవై ఏళ్ల కిందట అతనూ, ఈ అన్నాచెల్లెళ్ల నాన్న ఓబులయ్యా ఒకే గనిలో పనిచేసేవాళ్లు, ఒకే సద్దిమూట విప్పుకుని తినేవాళ్లు. ఓబులయ్య రాయి కోసేవాడు, దస్తగిరి రాతికి బెజ్జం వేసి మందుగుండు తూటాలు పేల్చేవాడు. ఒకనాడు ఇద్దరూ బంగారం మీద ఆశతో ఈ గవిలోకి వెళ్లారు. దస్తగిరి ఒక్కడే బయటికొచ్చాడు. భూమి అదిరిందనీ, రాళ్లు పడి ఓబులన్న లోపలే చిక్కుకున్నాడనీ గుండెలు బాదుకున్నాడు. ఊళ్లో ఎవరికీ తెలియకుండా భూమి ఎలా అదురుతుంది? తూటా పెట్టి స్నేహితుణ్ని సమాధి చేశాడని ఊరంతా తీర్మానించేసింది. కుండకు మూత చేసే కుమ్మరి ఉన్నాడు గానీ లోకం నోటికి మూత చేసేవాడు ఇంకా పుట్టలేదు. ఆనాటి నుంచి అతణ్ని ఏ గనీ పనిలోకి రానివ్వలేదు. గొర్రెలు మేపుకుని బతికాడు. గవిలో తోవ తెలిసినవాడు అతనొక్కడే గనక సుంకన్న ఇవాళ అతణ్ని వెంట తెచ్చాడు.

"ముసలోడా, నువ్వు ముందు నడువు," అన్నాడు సుంకన్న. చిన్నప్పుడు ఇదే నోటితో మామా అని పిలిచి, అతని భుజాలెక్కి తిరిగినవాడు.

బయల్దేరే ముందు అన్న నాగవేణి చెవిలో ఒక మాట వేశాడు. "లోపల తూటా బెజ్జం ఒక్కటి కనపడినా సరే పాపా, వాడు ఈ గవి దాటి రాడు." సుంకన్న ఊరికే అనే మనిషి కాదు. బంగారం దొరికినా దొరక్కపోయినా, ఈ ఇద్దరినీ ప్రాణాలతో బయటికి తేవాలి. ఆమె వచ్చింది అందుకే.

లోపల అడుగు పెట్టగానే దస్తగిరి నడుముకు చుట్టుకున్న తాడు విప్పాడు. నాపరాళ్ల గనుల్లో పాత వాడుక ఇది. ఎర్రమన్ను నీళ్లలో తాడు ముంచి, ఇద్దరు చెరో కొన బిగబట్టి, నడుమ లాగి వదిలితే రాతిమీద వెంట్రుకవాసి వంకర లేని గీత పడుతుంది. తోవ తప్పకుండా గోడ పొడుగునా అలాంటి గీతలు వేసుకుంటూ పోవాలని అతని ఆలోచన.

"ఈ కొన పట్టుకో అబ్బోడా."

"నీతో తాడు పట్టే ఖర్మ నాకింకా రాలేదు."

సుంకన్న మొహం తిప్పుకున్నాడు. నాగవేణి వచ్చి ఆ కొన పట్టుకుంది.

వెలుగు వెనకబడింది. గబ్బిలాల కంపు ముక్కుపుటాలు అదరగొట్టింది. టార్చిలైట్లు వేసుకుని, ఒకచోట వంగి, ఒకచోట పాకి, మోకాటిలోతు నీళ్లు దాటి ముగ్గురూ సాగారు. ఎర్రబద్ద భుజం ఎత్తున గోడలో వెంట వస్తూనే ఉంది. దాని కింది రాతిలో ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్టు చుట్టలు చుట్టలుగా పొరలు.

"ఇవేంది పాపా, పువ్వులు చెక్కినట్టుండాయి?" దస్తగిరి అడిగాడు.

"నాచు మామా. ఈడంతా ఒకప్పుడు సముద్రం. అప్పటికి చేప లేదు, చెట్టు లేదు, మనిషి మాటే లేదు. బురదలో జిగురునాచు పొరమీద పొర అల్లుకుంటా పోయింది. అది రాయై ఇట్ల మిగిలింది."

"చదువు తర్వాత చెప్పుకుందురు. నడవండి!" సుంకన్న కసిరాడు.

మరి కాసేపటికి గోడమీద మాసిపోయిన పాత గీతలు కనిపించాయి. దస్తగిరి ఆగిపోయాడు. "నేనూ ఓబులన్నా వేసినవి," అన్నాడు. నాగవేణి ఆ గీతను వేలితో తాకింది. ఒక కొస పట్టుకున్న చెయ్యి నాన్నది. ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆ గీతలు ఒక పగులు దగ్గర దుమ్ములో కలిసిపోయాయి. పైకప్పు నుంచి నేల దాకా కత్తితో నిలువునా కోసినట్టున్న పగులు అది, సందు నిండా పిండైన రాయి. దాటగానే అవతలి గోడ మొదట్లో బండలు కుప్పగా పడి ఉన్నాయి. ఆ కుప్పను ఆనుకుని గవి తిన్నగా లోపలికి పోతోంది.

"ఇక్కడే," అన్నాడు దస్తగిరి. "గోడ మొదట్లో చిన్న బొక్క ఉండె. ఓబులన్న అందులో దూరినాడు. నేను ఇవతల నిలబడినా. భూమి అదిరింది. ఈ బండలు..."

సుంకన్న అతని మాట వినడం లేదు. లైటుతో ఒక్కో బండనూ వెతుకుతున్నాడు. ఉన్నట్టుండి అతని చెయ్యి ఆగింది. ఒక బండలో గుండ్రటి రంధ్రం.

"బెజ్జం! తూటా బెజ్జం! పాపా, చూడు!"

గునపం గాల్లోకి లేచింది. దస్తగిరి కదల్లేదు, చెయ్యి అడ్డం కూడా పెట్టుకోలేదు.

"అన్నా, ఆగు!" నాగవేణి ఇద్దరి నడుమా దూరి రంధ్రంలో వేలు పెట్టింది. "తూటా బెజ్జమయితే తిన్నగా ఉంటాది. ఇది వంకరలు తిరుగుతాంది. నీళ్లు తిన్న బెజ్జం ఇది!"

"వాణ్ని కాపాడేదానికి అబద్ధాలు..."

మాట పూర్తి కాలేదు. కొండ కడుపులో ఏదో గుర్రుమంది. కాళ్ల కింద నేల ఒక్క ఊపు ఊగింది. పైనుంచి రాళ్లు జలజలా రాలాయి.

"లోపలికి! ఎర్రబద్ద వెంట ఉరకండి!" సుంకన్న తిన్నగా ఉన్న దారిలోకి దూకాడు. అక్కడా గోడలో భుజం ఎత్తున ఎర్రబద్ద ఉంది మరి.

నాగవేణి చూపు దాని కిందికి పోయింది. ఉల్లిపొరల చుట్టలు లేవు! నున్నటి బూడిదరంగు రాయి.

"అన్నా! నిలబడు! అది మన బద్ద కాదు!"

అప్పటికే ఆలస్యమయింది. సుంకన్న కాళ్ల కింద పలచటి బండ ఫెళ్లున విరిగింది. కింద అగాధం. అంచు పట్టుకుని వేలాడాడు. నాగవేణి పరుగెత్తేలోపే దస్తగిరి బోర్లా పడుకుని అతని మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. జారిన గునపం చాలాసేపటికి గాని అడుగున మోగలేదు.

"వదలను అబ్బోడా. ఒకర్ని ఈడ పోగొట్టుకున్నా, నిన్ను వదలను. కాలు గోడకు తన్ను!"

ముసలి చెయ్యి ఎముకలు పటపటమన్నాయి. నాగవేణి అన్న చొక్కా పట్టి లాగింది. ముగ్గురూ ఒకరిమీద ఒకరు పగులు దగ్గరికి వచ్చి పడ్డారు.

దుమ్ము అణుగుతుంటే నాగవేణి లైటు గోడమీద పడింది. అదురుకు అన్నేళ్ల దుమ్మూ రాలిపోయి, ఎర్రటి తాడుగీత పగులు దాటి అవతలిదాకా కనిపిస్తోంది. దాన్నే చూస్తూ ఆమె లేచి నిలబడింది.

"అన్నా, ఇట్ల రా. నాన్న గీత ఎప్పుడన్నా వంకర పోతాదా?"

"నాన్న గీతా? చచ్చినా పోదు."

"మరి చూడు."

పగులుకు ఇవతల గీత ఒక ఎత్తులో ఆగింది. అవతల దాని కొనసాగింపు రెండు వేళ్ల మందం కిందికి దిగి ఉంది. దిగిన తర్వాత మళ్లీ చక్కగా, తిన్నగా.

"గీత వేసినంక అవతలి కొండ దిగింది. భూమి కదిలితేనే ఇట్ల అవుతాది. తూటా రాయిని పగలగొడతాది గానీ, కొండకు కొండను సమంగా దించుతాదా? ఈ పగులు పాతది. లెక్కలేనన్ని సార్లు ఇట్లే కొంచెం కొంచెం జారింది. అందుకే మన బద్ద ఏనాడో కిందికి పోయింది, దాని ఎత్తుకు వేరే బద్ద వచ్చింది. వచ్చినోళ్లంతా ఆ బద్దను నమ్మి గుంతలో పడినారు."

సుంకన్న ఆ తెగిన చోట రెండు వేళ్లు ఆనించాడు.

"పాపా," అన్నాడు. "నాన్న పోయిన పొద్దు బడిలో మా పలకలు గలగలమన్నాయి. తూటా, తూటా అని మేమంతా అరిసినాం. మన గనుల ఊర్లో రోజూ ఉండేదేలే అని ఎవురూ పట్టించుకోలే." అతను దస్తగిరి వైపు తిరిగాడు. "ఆ పొద్దు అమాస. అమాసనాడు గనులకు సెలవు గదా! ఆ అదురు తూటాది కాదు, భూమిదే."

దస్తగిరి నేలమీద కూలబడి పసివాడిలా ఏడ్చాడు. ఇరవై ఏళ్లుగా నోరు నొప్పిపుట్టేలా చెప్పిన మాటకు ఇవాళ ఒక గోడ సాక్ష్యం పలికింది.

కొండ మళ్లీ గుర్రుమంది. కుప్పలో ఒక బండ దొర్లిపోయి, గోడ మొదట్లో బొక్క తెరుచుకుంది. దాని నెత్తిన ఎర్రబద్ద, దాని కింద ఉల్లిపొరల చుట్టలు. ఓబులయ్య అసలు బద్దనే పట్టుకున్నాడన్నమాట!

సుంకన్న పాక్కుంటూ తల దూర్చాడు. లైటు వెలుగులో ఒక ఎముకల చెయ్యి, మణికట్టున వెండి కడియం. మిగతా మనిషి బండ కిందే ఉన్నాడు. ఆ పక్కనే, ఒరిగిన పెద్ద బండ కింద, మూతులు కట్టిన కుండలు. ఒకటి పగిలి, పచ్చటి నాణేలు నేలమీద మెరుస్తున్నాయి.

"బంగారం! పాపా, బంగారం!"

నాగవేణి అతని పక్కనుంచి తొంగిచూసింది. "కుండలు ముట్టుకోవద్దన్నా! ఆ బండను మోస్తాండేది అవే!"

సుంకన్న చెయ్యి కుండ మీదికి పోయింది. చేతికి చల్లగా తగిలింది. అబద్ధమెందుకు, ఆ క్షణాన అతనికి ప్రాణం మీద కన్నా దానిమీదే ఆశ. ఇంతలో మూడోసారి భూమి అదిరింది. బొక్క నెత్తిన బండ కిందికి జారబోతుంటే దస్తగిరి దాని కింద వీపు పెట్టాడు.

"అబ్బోడా, బయటికి రా! నేను... నిలపలేను!"

సుంకన్న కుండ వదిలేశాడు. నాన్న చేతి కడియం తీసుకుని వెనక్కి పాకాడు. బయటపడుతూనే దస్తగిరి నడుము పట్టి ఇవతలికి లాగాడు. మరుక్షణం బండ దిగింది. లోపల కుండలు పెటపెట పగిలిన చప్పుడు, దాని వెనక కొండంత బరువు కూలిన చప్పుడు. ముగ్గురూ కాళ్లకు బుద్ధి చెప్పారు. దుమ్ములో, నీళ్లలో, తాడుగీతల మీద లైటు నిలుపుకుంటూ పరుగెత్తి, దగ్గుతూ ఎండలోకి వచ్చి పడ్డారు. పాము పడగ కింద చెక్కిన మాట రెండు ముక్కలై ఉంది.

ఇంటికొచ్చాక కడియం చూసి వాళ్లమ్మ చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "దస్తగిరన్న తిన్నాడా?" అని అడిగింది. మర్నాడు గనికి పోయే కొడుక్కి సద్ది ఇద్దరికి కట్టింది.

గనిలో పనివాళ్లంతా చూస్తూనే ఉన్నారు. సుంకన్న ఎర్రమన్నులో ముంచిన తాడు పట్టుకుని దస్తగిరి ఎదుటికి వచ్చాడు.

"మామా, ఈ కొన పట్టుకో."

దస్తగిరి పట్టుకున్నాడు. సుంకన్న అతను బిగబట్టేదాకా ఆగి, నడుమ లాగి వదిలాడు. తాడు టప్పుమంది. రాతిమీద ఈ కొస నుంచి ఆ కొసదాకా ఎక్కడా తెగకుండా గీత పడింది.