రెండో బండి

కొత్తపేట నుంచి లోపలికి పోయే పంటకాలువ గట్టు మీద ఒక లాకు ఉంది. కాగితాల్లో దాని పేరు ఏమిటో గాని, ఊళ్ళో మాత్రం కుంపటి లాకనే అంటారు. పడవలు తిరిగిన రోజుల్లో, నీటిమట్టం మార్చి వాటిని దాటించడానికి కట్టింది. ఇప్పుడు తలుపులు తుప్పుపట్టాయి, కాపలావాడి ఇంటికి కప్పు కూడా లేదు. పగలు గేదెల్ని కడిగేవాళ్ళు ఉంటారు. పొద్దుగూకిందా... కుక్క కూడా ఆగదు.

ఆగినవాళ్ళకి ముందు ఊక కాలిన వాసన వస్తుందిట. తరవాత మెట్ల మీద కుంపటి, అందులో ఎర్రగా నాలుగు నిప్పులు, పక్కన తెల్లచీరలో ఒక ఆడమనిషి. మర్యాదస్తురాలే. మీద పడదు, జుట్టు విరబోసుకోదు. ఒక్కటే అడుగుతుంది — “బండొచ్చిందాండీ?”

“రాలేదమ్మా” అని తలొంచుకుని పోయినవాడు ఇల్లు చేరాడు. నోరుజారి “వస్తుంది, కూర్చో” అన్నవాడు మాత్రం బాగుపడినట్టు ఎవరూ చెప్పరు. అందుకే ఆ చుట్టుపక్కల మనుషులు లాకు దాటేదాకా పక్కవాడితో “నువ్వు కూర్చో, నేనొస్తా” అనే మాటే ఆడరు. పసిపిల్లలతో కూడా ఆడరు.

దూరం నుంచి వచ్చినవాళ్ళకి ఇవన్నీ ఎవరు చెప్తారు?

2003 పుష్కరాలకి సింధనూరు నుంచి ఒక సుమో వచ్చింది. సింధనూరు కర్ణాటకలో ఉంది, తుంగభద్ర కాలువ కింద. మన గోదావరి రైతులు వెనకటికి అక్కడికి వెళ్ళి, ముళ్ళకంప కొట్టి, మళ్ళు కట్టి, ఇళ్ళు వేసుకుంటే వాటికి క్యాంపులని పేరొచ్చింది. సుమో తోలుతున్నది సాయిబాబు. పక్కన తండ్రి గంగాధరరావు గారు. వెనక సీట్లో తల్లి అమ్మాజీ, భార్య ప్రశాంతి, ఇద్దరి మధ్యా ఆరేళ్ళ సత్యప్రియ.

“మనది నీళ్ళ వెనకాల నడిచే వంశం” అని గంగాధరరావు గారు మీసం దువ్వుకుంటూ చెప్పేవారు. కోనసీమ నుంచి మొదట నిజామాబాదు వెళ్ళారు. అక్కడ నిలవక సింధనూరు. ఇప్పుడు అక్కడా నేల ఉప్పెక్కిందని ఛత్తీస్‌గఢ్‌ వైపు కొత్త భూమి చూసిపెట్టారు. పుష్కర స్నానం కాగానే సామాను సర్దడమే.

ప్రశాంతికి ఆ గొప్ప వింటుంటే ఒళ్ళు మండేది. ఎక్కడికి వెళ్ళినా పొయ్యి నిలవకపోవడం గొప్పేమిటి? అది ఎవరిదో ఉసురు తగలడం కాదూ? ఆవిడకి కావలసింది ఒక్కటే... కూతురు ఒక ఊళ్ళో, ఒక బళ్ళో, నలుగురు తెలిసిన పిల్లల మధ్య పెద్దదవ్వాలి. మామగారి ఎదట ఆ మాట అనే ధైర్యం మాత్రం లేదు.

ఆ పొద్దున రావులపాలెం రేవులో పిండాలు పెట్టించారు. తండ్రికి, తల్లికి, తాతలకి అయ్యాక పురోహితుడు అడిగాడు. “ఇంకెవరైనా ఉన్నారాండీ? మేనత్తలు, అప్పచెల్లెళ్ళు... గుర్తు చేసుకోండి.”

గంగాధరరావు గారు నీళ్ళకేసి చూశారు. “ఎవరూ లేరండి.”

అమ్మాజీ చప్పున తలెత్తింది. తడికొంగు పిండిందే పిండుతూ కూచుంది. ప్రశాంతి అది గమనించింది.

సాయంత్రం పలివెల గుడికి బయల్దేరారు. జనం కిటకిట. పోలీసులు బళ్ళని గట్టు దారిన మళ్ళించారు. వాన పట్టుకుంది, కరెంటు పోయింది, ముందు వెళ్ళే బళ్ళు ఎటు పోయాయో పోయాయి... గట్టు మీద సుమో ఒక్కటే మిగిలింది.

“ఈ దారి వద్దురా” అన్నారు గంగాధరరావు గారు.

“వేరే దారి లేదు నాన్నగారూ.”

“వెనక్కి తిప్పు.”

తిప్పడానికి చోటేదీ? ఒక పక్క కాలువ, ఒక పక్క కొబ్బరితోట. ఇంకాస్త ముందుకి పోయిందో లేదో ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. దీపాలు కూడా ఆరాయి. ఎడంపక్క, వానలో తడుస్తూ... లాకు.

సాయిబాబు టార్చి పట్టుకుని దిగి బానెట్‌ ఎత్తాడు. గంగాధరరావు గారు కదలకుండా అద్దంలోంచి ముందుకే చూస్తున్నారు. అప్పుడు తగిలింది ప్రశాంతికి — ఊక కాలుతున్న వాసన. ఇంత వానలో ఊకపొయ్యి ఎవరు వెలిగించారు?

అమ్మాజీ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా అంది. “మీ మావయ్యగారి అప్పగారమ్మా... పాపాయమ్మ గారు. తల్లి పోతే ఆయన్ని చంకనేసుకుని పెంచింది. నేను అప్పుడు కొత్తకోడల్ని. ఊరొదిలి వెళ్ళేరోజున విధవా, నిప్పూ ముందు బండి ఎక్కకూడదన్నారు. పాత పొయ్యిలో నిప్పు తెచ్చి వెయ్యకపోతే కొత్త పొయ్యి నిలవదాయె! అందుకని కుంపటి ఆవిడ చేతికిచ్చి ఇదిగో, ఈ మెట్ల మీదే కూర్చోపెట్టేరు. ‘కూర్చో అక్కా, రెండో బండి వస్తుంది’ అన్నారు.”

“వచ్చిందా అత్తయ్యగారూ?”

“రేవులో బండివాడు అడిగేడు... వెనక్కెళ్ళి అమ్మగారిని తెమ్మంటారా అండీ అని. ఈయన వద్దన్నారు. కొత్త భూమిలో కాలు పెడుతూ ఆ మొహమెందుకూ అన్నారు. నా చెవుల్తో విన్నాను. నోరెత్తలేదు.” అమ్మాజీ గొంతు వణకలేదు. “కాలవ పొంగినప్పుడు ఆ తలుపుల దగ్గర దొరికిందిట. కుంపటి దొరకలేదు.”

ప్రశాంతి పిల్లని దగ్గరికి లాక్కుందామని చెయ్యి చాపింది...

సీటు ఖాళీ.

సుమో వెనక తలుపు తీసి ఉంది. ప్రశాంతి వానలోకి ఉరికింది. లాకు మెట్ల మీద, కిందినుంచి మూడో నాలుగో మెట్టు దగ్గర, సత్యప్రియ కూర్చుని చేతులు రెండూ చాచి చలి కాచుకుంటోంది. దాని అరచేతుల మీద ఎర్రటి వెలుగు. ఆ వెలుగు ఎక్కణ్ణుంచి వస్తోందో అక్కడ ఏమీ లేదు.

“లేమ్మా... లే!”

చంకల్లో చేతులేసి ఎత్తబోయింది. ఆరేళ్ళ పిల్ల కదల్లేదు. మెట్టుతో పాటు కట్టేసినట్టుంది. కింద కాలువ నీళ్ళు మెట్టు మెట్టూ ఎక్కుతున్నాయి.

“బండొచ్చేదాకా ఎవరో ఒకళ్ళు కూర్చోవాలిట అమ్మా” అంది సత్యప్రియ, తాపీగా. “ఆవిడ చెప్పింది. అమ్మా, ఆవిడ తాతయ్యని తమ్ముడూ అంటోంది.”

వెనక ముసలి అడుగుల చప్పుడు. గంగాధరరావు గారు దిగి వచ్చారు. మనవరాలి పక్కకి, ఖాళీ మెట్టుకేసి చూసి, అలాగే నిలబడిపోయారు. ప్రశాంతికి కనబడనిది ఆయనకి కనబడిందని ఆ మొహమే చెప్పింది.

“అక్కా... పిల్లనొదిలెయ్.”

నీళ్ళు ఇంకో మెట్టు ఎక్కాయి.

“రేపు మళ్ళీ వస్తానక్కా. నీ పేర పిండం పెట్టిస్తాను. ఒట్టు. తప్పకుండా వస్తాను...”

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఆ మెట్ల మీద, ఆ మనిషితోనే, మళ్ళీ అదే మాట! ఎర్రటి వెలుగు భగ్గుమంది. సత్యప్రియ కెవ్వున అరిచింది. నీళ్ళు దాని పాదాల మీదికి వచ్చాయి.

“మావయ్యగారూ!” ప్రశాంతి గొంతు చించుకుంది. జన్మలో ఆయన ఎదట గొంతెత్తని మనిషి. “పిల్ల బతకాలండీ! కూర్చోండి!”

ఆయన కోడలికేసి చూశారు. చెప్పులు విడిచి పక్కన పెట్టారు. మెల్లిగా, మోకాళ్ళు పట్టుకుని, మనవరాలి పక్కన కూర్చున్నారు.

పిల్ల దూదిపింజలా లేచి వచ్చింది. అదే క్షణంలో గట్టు మీద ఇంజను గుర్రుమంది.

ప్రశాంతి వెనక్కి చూడకుండా పిల్లతో సుమో ఎక్కి తలుపు వేసింది. ఇంతసేపూ బానెట్‌ కింద తల దూర్చి ఉన్న సాయిబాబుకి వాన హోరులో ఇవేమీ తెలియవు. స్టీరింగు ముందు కూర్చుని కిటికీలోంచి వేసిన టార్చి వెలుగులో మెట్ల మీద కూర్చున్న తండ్రి ఒక్కడే కనిపించాడు.

“మోకాళ్ళు పట్టేసేయా నాన్నగారూ? నేను కాలు తీస్తే ఇంజను ఆగిపోతుంది, మళ్ళీ అందుకోదు. మీరక్కడే కూర్చోండి... మీరన్నట్టే ముందుకెళ్ళి బండి తిప్పుకొచ్చేస్తాను!”

ప్రశాంతి నోరు తెరిచింది. “వద్దండీ, ఎక్కించండి” అంటే అయిపోయేది. ఒళ్ళో పిల్ల వణుకుతోంది. తెరిచిన నోరు మూసుకుంది.

“పోనీ బాబూ” అంది అమ్మాజీ.

రైసుమిల్లు గేటు దగ్గర గాని బండి తిరగదు. మిల్లు దగ్గర చక్రం తిప్పుతుంటే అమ్మాజీ ఉన్నట్టుండి కిటికీ వైపు ఒదిగి కూచుంది. కోడలికీ తనకీ మధ్య చోటు చేసి, చేత్తో సీటు తుడిచింది.

“జరుగమ్మాయ్” అంది నెమ్మదిగా. “రండి వదినగారూ... కూర్చోండి.”

సీటు మెత్తగా కిందికి దిగింది. బండి నిండా ఊక వాసన.

లాకు దగ్గరికి వచ్చేసరికి మెట్ల మీద చెప్పులు ఉన్నాయి, పక్కపక్కన, బుద్ధిగా. మనిషి లేడు. సాయిబాబు అరిచాడు, కాలువ వెంట పరిగెత్తాడు, కనబడిన తలుపల్లా కొట్టి జనాన్ని లేపాడు. తెల్లారాక లాకు తలుపుల దగ్గర దొరికారు గంగాధరరావు గారు.

సింధనూరు చేరి సామాను దింపుతుంటే సుమో వెనక సీటు కింద మట్టికుంపటి ఉంది. నిప్పు ఆరలేదు. ఎవరిదని సాయిబాబు అడిగాడు. అమ్మాజీ దాన్ని రెండు చేతులా ఎత్తుకుపోయి నిప్పులు పొయ్యిలో పోసింది. ఛత్తీస్‌గఢ్‌ మాట మళ్ళీ ఆ ఇంట్లో రాలేదు. ఆ పొయ్యి ఇప్పటికీ అక్కడే ఉంది. సత్యప్రియ ఒకే బళ్ళో చదువుకుని పెద్దదయింది. భోజనాలప్పుడు ప్రశాంతి ఒక కంచం ఎక్కువ పెడుతుంది. ఎందుకని ఎవరూ అడగరు.

ఇక్కడ లాకు దగ్గర మటుకు ఇప్పటికీ ఎవరూ ఆగరు. వానరాత్రి ఎప్పుడైనా బండి మొరాయిస్తే, ఊక వాసన రాదిప్పుడు, వెలుగూ ఉండదు. చీకట్లో, తడిసిన మెట్ల మీంచి, ఒక ముసలాయన అడుగుతాడు.

“బండొచ్చిందాండీ?”