ముఖాలబండ

మా ఊళ్ళో ముఖాలబండ పేరు రాత్రిపూట ఎత్తేవాళ్ళు కాదు. ఎత్తాల్సొస్తే ‘ఆ బండ’ అనేవాళ్ళు, అదీ గొంతు తగ్గించి. పాకాలలో రైలు దిగి మా పల్లెకి అడ్డదారిన రావాలంటే దాని పక్కనుంచే రావాలి. రాత్రి రైలు దిగినవాళ్ళు స్టేషన్లోనే తుండు పరుచుకుని పడుకునేవాళ్ళు తప్ప ఆ దారి తొక్కేవాళ్ళు కాదు.

ఇప్పుడు తొక్కుతున్నారు. ఏ వేళప్పుడు పోయినా ఏమీ వినబడదు. ఎందుకు వినబడదో నాకు మా తాత చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ దీపం ఇంకాస్త దగ్గరికి జరుపుకునేవాడు.

చూస్తే అక్కడ భయపడేదేమీ లేదు. ఒక నల్లటి పెద్ద బండ, దాని నడుమ దోన — ఎండాకాలంలో కూడా నీళ్ళు నిలిచే రాతి గుంట. నాటకం ఆడినవాళ్ళు రంగు కడుక్కునేది అక్కడే గనక ముఖాలబండ అన్నారు.

మా ఊరి నాటకానికి టిక్కెట్టు లేదు, కుర్చీ లేదు. వేసవి వస్తే చాలు, ద్రౌపదమ్మ గుడి ముందు మిట్ట మీద భారతం మొదలయ్యేది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఆడేవాళ్ళూ మావాళ్ళే, చూసేవాళ్ళూ మావాళ్ళే. కోతలయిపోయి ఊరికే తిరిగే కుర్రకారునంతా తులసీరాం అయ్యవారు పోగుచేసి పద్యమూ అడుగూ నేర్పేవాడు. ఎవరొచ్చి అడిగినా కాదనేవాడు కాదు. కాకపోతే ఒకసారి ఆయన చేతికి చిక్కితే గజ్జె కట్టకుండా తప్పించుకోవడం కుదిరేది కాదు.

ఆయన దగ్గర ఒక కట్టడి ఉండేది. ముఖాన రంగు పడ్డ మనిషిని సొంత పేరుతో పిలవకూడదు. పిలిచినా ఆ మనిషి పలకకూడదు. రంగంతా పోయేదాకా వాడు దుర్యోధనుడే, వాడు భీముడే. తెర పట్టే పెంచలయ్య ఒక ఏడు దుశ్శాసనుడి వేషం కడితే, వాళ్ళావిడ నడిరాత్రి మిట్ట కిందికొచ్చి “ఏమయ్యా దుశ్శాసనా, బర్రె తాడు తెంచుకోని పాయ, వస్తావా రావా” అని కేకేసిందట. మా తాత ఇది చెప్పి బాగా నవ్వేవాడు. అక్కడితో ఆయన నవ్వు అయిపోయేది.

మా తాత పేరు చిన్నబ్బ. ఆయన అక్క భారతమ్మ. భారతమ్మ భర్త దొరస్వామి — ఆ చుట్టుపక్కల పల్లెల్లో అంతటి దుర్యోధనుడు లేడని పేరు. తాతకి పద్యాలు నేర్పింది ఈ బావే. తప్పు పాడితే మాట్లాడేవాడు కాదు, మళ్ళీ మొదటినుంచి అన్నట్టు చెయ్యి ఊపేవాడు. తప్పు లేకుండా పాడితే మాత్రం కళ్ళు మూసుకుని, ముక్కులోంచి, “ఊఁ...” అనేవాడు. ఆ ఒక్క “ఊఁ” కోసం మా తాత పొలం గట్ల మీద గొంతు చించుకునేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి, నూనెకి కటకట. ఆ ఏడు భారతం కడపటి రాత్రి, భీముడి దెబ్బకి దుర్యోధనుడు పడ్డాడు. పడగానే తెర అడ్డం పెడతారు. పడ్డ దుర్యోధనుడు మళ్ళీ జనం కంట పడకూడదు. అందుకని మిగతావాళ్ళు పద్యాలు పాడుతుండగానే అతను తెర వెనకనుంచి జారుకుని, ఒక్కడే బండ దగ్గరికి పోయి ముఖం కడుక్కోవాలి. దొరస్వామి అట్లాగే పోయాడు.

తెల్లవారుజామున మిగతావాళ్ళు రంగు కడుక్కోవడానికి పోతే... దోన పక్కన పడి ఉన్నాడు. పాదం మీద రెండు గాట్లు. నూనె గిన్నె బోర్లా పడి ఉంది. ముఖం ఒక పక్క శుభ్రంగా కడిగి ఉంది, దొరస్వామి ముఖం. రెండో పక్క ఎర్రగా... దుర్యోధనుడు.

ఆ రంగు ఉత్త నీళ్ళకి పోదు. నూనె రాసి తుడవాలి. భారతమ్మ పరుగున వచ్చి భర్త తల ఒళ్ళో పెట్టుకుని అందరినీ అడిగింది.

“ఇంత నూనె ఈండప్పా. ఆ సగమూ తుడిసి పంపిస్తాను.”

నూనె ఎక్కడిది? ఊళ్ళో ఉన్నదంతా ముందు రాత్రి కాగడాలకే అయిపోయింది. పాకాలనుంచి తెప్పించేదాకా ఆగమని కాళ్ళు పట్టుకుంది. ఉత్సవానికి కంకణం కట్టిన ఊళ్ళో శవం ఉండకూడదు, పొద్దెక్కకముందే పూడ్చాలన్నారు పెద్దలు. సగం రంగుతోనే పూడ్చేశారు.

అప్పటినుంచి మొదలైంది.

రాత్రి రైలు దిగి వస్తున్న తమలపాకుల వ్యాపారికి బండ దగ్గర గజ్జెలు వినబడ్డాయి. ఎవరో నాటకమాయన అనుకుని పలకరించాడు. నాలుగడుగులు వేశాక వీపు వెనకనుంచి, చెవి పక్కనే, గుసగుసగా...

“కాస్త నూనుంటే... పోస్తారా?”

ఆకుల గంప అక్కడే వదిలేసి పరుగెత్తాడు. తర్వాత ఇంకెవరో నూనె డబ్బానే పడేసి పరుగెత్తారు. తెల్లారి చూస్తే డబ్బా మూత ఊడిపోయి నిటారుగా నిలబడి ఉంది. చుక్క పోలేదు. తనంతట తాను తీసుకోలేడనీ, ఎవరో ఒకరు పొయ్యాలనీ జనం చెప్పుకున్నారు. ఎవరు పోస్తారు?

తర్వాత మూడు వేసవులు భారతం జరిగింది గానీ దుర్యోధనుడి వేషం కట్టేవాడు లేడు. కడితే బండ దగ్గరికి ఒంటరిగా పోవాలి గదా. దుర్యోధనుడు పడితే గానీ ద్రౌపదమ్మ జుట్టు ముడవరు. మూడేళ్ళుగా గుళ్ళో అమ్మవారు జుట్టు విరబోసుకునే ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళు హారతికి పోయి ఆమె ముఖం చూడలేక తల దించుకుని వచ్చేవాళ్ళు.

నాలుగో ఏడు తులసీరాం అయ్యవారు మంచాన పడ్డాడు. మా తాతని పిలిపించుకున్నాడు.

“నేను పోయేలోగా అమ్మ జుట్టు ముడిసేది సూడాలప్పా. ఆ పద్యాలు ఇంగ ఎవురికీ రావు, నీకు తప్ప.”

తాత ఒప్పుకుని ఇంటికొచ్చాడు. తల్లి సుబ్బులమ్మ అన్నం గిన్నె కింద పెట్టేసి గోడకి ఆనుకుని కూర్చుంది.

“ఇంట్లో ఒగణ్ణి మింగింది సాలదా? నువ్వు గూడా పోతావా?”

భారతమ్మ పొయ్యి దగ్గరే ఉంది. పుల్లలు ఎగదోసింది. తర్వాత తల తిప్పకుండా, “కట్టనీమ్మా,” అంది.

తాతకి భయం లేక కాదు. భారతం నడిచిన ఆ పక్షం రోజులూ నాకు నిద్రే లేదబ్బాయ్ అనేవాడు. కడపటి రాత్రి బండ దాకా కాగడా పట్టుకుని తోడొస్తానని పెంచలయ్య గుడి ముందు ఒట్టేశాడు. ఆ ఒట్టే తాతకి ధైర్యం.

ఆ రాత్రి రానే వచ్చింది. పద్యాలన్నీ తప్పు లేకుండా వచ్చాయి. తొడ మీద గద పడింది. తాత బావ పడ్డట్టే పడ్డాడు. తెర అడ్డం వచ్చింది. తెర వెనక పెంచలయ్య ముఖం చూస్తే ఆ తెరకంటే తెల్లగా ఉంది.

“నువ్వు పోతా ఉండప్పా... కాగడా అంటించుకోని ఎనకాలే వస్తా.”

అక్కడ నిలబడి వాదించడానికి లేదు. కిరీటం తీసి వాడి చేతిలో పెట్టి తాత ఒక్కడే చీకట్లోకి దిగాడు.

మిట్ట కింద, తెల్లారితే జరిపే వధ కోసం చేసిన మట్టి దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పది మంది పొడుగు. కళ్ళు తెరిచే ఉన్నాయి. తాత అటు చూడకుండా దాటాడు. కాళ్ళ గజ్జెలు అడుగడుక్కీ మోగుతున్నాయి. ఆ చప్పుడులో ఇంకో చప్పుడు కలిస్తే తెలియదు గదా అనిపించింది. కూర్చుని గజ్జెలు విప్పేసి, గుడ్డలో గట్టిగా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. లేచి నడిచాడు.

ఘల్లు... ఘల్లు...

ఆగాడు. ఆగిపోయింది.

గుడ్డ మూట ఒత్తి చూశాడు. అందులోంచి కాదు... ముందునుంచి. బండ వైపునుంచి.

వెనక్కి చూస్తే కాగడా జాడ లేదు. మిట్ట మీద పద్యం సన్నగా వినబడుతోంది. వెనక్కి పోదామంటే ముఖం నిండా రంగు, జనంలోకి పోకూడదు. తల్లి మాట గుర్తొచ్చింది. ఇక్కడే పడిపోతే తెల్లారి తన తల కూడా అక్క ఒళ్ళోనే ఉంటుంది గదా అనుకున్నాడు. అయినా నడిచాడు.

ఘల్లు... ఘల్లు... ఈసారి అవి దూరంగా పోతున్నాయి. బండ అవతలికి, తుమ్మ చెట్ల వైపుకి... పోయి, పోయి, ఆగిపోయాయి.

బండ ఎక్కాడు. కొబ్బరినూనె వాసన గుప్పుమంది. దోన గట్టున తెల్లగా ఏదో ముడుచుకుని కూర్చుని ఉంది. కదిలింది.

“ఎవురది?”

ముఖాన రంగుంది. చిన్నబ్బనని చెప్పకూడదు.

“దు... దుర్యోధనుణ్ణి.”

తెల్లటి ఆకారం ఇటు తిరిగింది. “మళ్ళా ఎందుకొచ్చినావు నాయనా? ఏమన్నా మర్సిపోయినావా?” అంది.

అక్క గొంతు.

తాత అక్కడే కూలబడ్డాడు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయట. తెల్లచీర కట్టుకుని, దీపం లేకుండా, ఎవరి కంటా పడకుండా తనకంటే ముందే వచ్చి కూర్చుంది అక్క. నాలుగేళ్ళ కిందట నూనె దొరక్కపోయినందుకు, ఈసారి గిన్నె నిండా నూనె దాచి తెచ్చింది. తమ్ముణ్ణి ఆ బండ మీద ఒంటరిగా వదలకూడదని.

“నువ్వేనా అక్కా... నా ప్రాణం పాయ గదా,” అన్నాడు. దగ్గరికి జరిగి ముఖం ముందుకు పెట్టాడు. “పొయ్యి. నూనె పొయ్యి.”

భారతమ్మ కదల్లేదు.

“నూనె యాడిది? అంతా నీకే పోస్తి గదా ఇందాక.”

“నాకా?”

“తమాషా సెయ్యబాక. ఇప్పుడే గదా నీ మొగం కడిగి పంపిస్తి.”

భారతమ్మ చెయ్యి చాచి చీకట్లో తడిమింది. కుడి చెంప మీద రంగు జిగటగా తగిలింది. ఎడమ చెంప తడిమింది. అక్కడా రంగే. ఆమె చెయ్యి తమ్ముడి గడ్డం మీదే ఆగిపోయింది.

“మరి... ఒగ పక్కే ఉండింది రంగు,” అంది మెల్లగా. “రెండో పక్క నువ్వే నూనె రాసి కడుక్కోని వచ్చినావనుకుంటి. పద్యం ఇంగా ఆడ వినపడతానే ఉండాది, ఇంత బిరీన ఎట్లొచ్చినాడబ్బా అనుకుంటి. గజ్జెలతోనే వచ్చి నా ముందర కూసున్నాడు. మొగం సల్లగా ఉండాది... నీళ్ళకేమో అనుకుంటి. అంతా తుడిసినాక, ఇంగ రంగు లేదు గదా అని, సిన్నబ్బా, ఇంటికి పోదాం పా అంటి. పలకలా. లేసి అట్లా పాయ.”

దూరంగా వెలుగు కనబడింది. పెంచలయ్య, ఒట్టు గుర్తొచ్చి కాబోలు, కాగడా పట్టుకుని రొప్పుతూ బండెక్కాడు. ఆ వెలుగులో ముగ్గురూ చూశారు. మా తాత ముఖాన రంగు చెక్కు చెదరలేదు. భారతమ్మ ఒళ్ళో గుడ్డ మాత్రం ఎర్రగా, నూనె ఓడుతూ ఉంది.

ఆమె గుడ్డ వైపు చూసింది, తమ్ముడి ముఖం వైపు చూసింది. ఏడవలేదు. లేచి కొంగు సర్దుకుని తుమ్మ చెట్ల చీకటి వైపు తిరిగి నిలబడింది.

మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. కాపురం చేసినన్నాళ్ళూ ఆమె పలకలేదు, అతను పోయాక కూడా పలకలేదు. ఆ రాత్రి పలికింది.

“దొరస్వామీ...”

గాలి లేదు. కాగడా మంట నిటారుగా నిలబడి ఉంది.

“ఊఁ...”

పెంచలయ్య చేతిలో కాగడా జారి దోనలో పడి చుయ్యిమంది. చీకటైపోయింది. మా తాత మాత్రం కూర్చున్నచోటు నుంచి లేవలేకపోయాడు. పద్యం తప్పు లేకుండా అప్పజెప్పినప్పుడల్లా ఆ గొంతు అచ్చం అట్లాగే అనేది.